లాంగ్‌సోర్డ్ డిసార్మ్ వర్క్‌షాప్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

కుడి చెయ్యి కట్టులో ఉంది. ఫోన్‌కి చెబుతూ రాయిస్తున్నాను, అక్షరదోషాలుంటే సర్దుకుని చదవండి. రెండు రోజులు ఆగి, కోపం తగ్గాక రాయమని మా ఆవిడ అంటోంది. కానీ వచ్చే నెల బ్యాచ్‌కి మన తెలుగు స్టూడెంట్స్ ముగ్గురు డబ్బు కట్టబోతున్నారని నిన్న రాత్రే తెలిసింది. నేను ఆగితే వాళ్ళు కట్టేస్తారు.

ఎవరి గురించి చెబుతున్నానో జర్మనీలో ఉండి లాంగ్‌సోర్డ్, అంటే రెండు చేతులతో పట్టే మధ్యయుగపు పొడవాటి కత్తి, దాని సాము మీద మనసు పడ్డవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆయన రీల్స్ మీరు కూడా చూసే ఉంటారు. ఎదుటివాడు కత్తి దించేలోపు ఆ కత్తి ఈయన చేతిలో ఉంటుంది. ఇలా కత్తి లాక్కోవడాన్నే డిసార్మ్ అంటారు. పేరు రాయడం లేదు. శని, ఆదివారాలు రెండు రోజులు, 280 యూరోలు, మొత్తం ముందే కట్టాలి. మధ్యయుగపు జర్మన్ గురువుల పుస్తకాల్లో ఉన్న కత్తి లాక్కునే పట్లన్నీ నేర్పుతానని ప్రకటన. నేను న్యూరెంబర్గ్‌లో ఉంటాను. ఏడాదిగా ఒక ఫ్రెండ్‌తో పార్కులో నైలాన్ కత్తులతో ప్రాక్టీస్ చేస్తున్నాను, కొంచెం వచ్చు. డబ్బు కట్టాను, వెళ్ళాను. అసలు విషయం మధ్యాహ్నం భోజనం తర్వాత జరిగింది.

పొద్దున అంతా బాగానే నడిచింది. మొదట ఆయనే చెప్పాడు, ఎవరైనా "హాల్ట్" అంటే ఆ క్షణంలో ఇద్దరూ ఆగిపోవాలి, దీనికి మినహాయింపు లేదు అని. మా అందరిచేతా గట్టిగా పలికించాడు కూడా. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నం స్టీల్ కత్తులు ఇచ్చారు. మొన తేలిగ్గా వంగే ప్రాక్టీస్ కత్తులు, ఫెడర్ అంటారు, దాదాపు 130 సెంటీమీటర్ల పొడవు, కేజిన్నర లోపు బరువు. పెద్ద గ్లవ్స్ వేసుకుంటే ఎదుటివాడి పిడి మీద రెండు చేతుల మధ్యకి మన వేళ్ళు దూరవు కాబట్టి అవి తీసేసి, పల్చటి లెదర్ గ్లవ్స్ వేసుకోమన్నాడు. నెమ్మదిగా చేసేటప్పుడు అది తప్పేం కాదు. నెమ్మదిగానే చేస్తామని కూడా అన్నాడు.

చేయాల్సిన పట్టు రింగెక్ వ్యాఖ్యానంలోది. జర్మన్ లాంగ్‌సోర్డ్‌కి మూలపురుషుడు 14వ శతాబ్దపు యోహానెస్ లీష్టెనావర్. ఆయన పద్యాలు పొడుపుకథల్లా ఉంటాయి. 15వ శతాబ్దంలో సీగ్‌మంట్ రింగెక్ లాంటివాళ్ళు వాటికి అర్థం రాశారు కాబట్టే ఈ రోజు మనకి ఏదో కొంత తెలుస్తోంది. రింగెక్ చెప్పేది ఇది: ఎదుటివాడు నీమీదకి చొరబడి దగ్గరికి వచ్చాక, నీ ఎడమ చేతిని తిప్పి వాడి కుడి చేతి మీదుగా పంపు, పిడిని వాడి రెండు చేతుల మధ్య పట్టుకో, నీ ఎడమ పక్కకి లాగు. అంతే. చదువుతుంటే కూర వండే పద్ధతిలా సులువుగా ఉంటుంది, కానీ చేస్తుంటే దాని తెలివి తెలుస్తుంది. లాంగ్‌సోర్డ్ పిడి రెండు చేతులకి సరిపోయేంత పొడవు ఉంటుంది, రెండు పిడికిళ్ళ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే తలుపు. అక్కడ పట్టుకుని తిప్పితే పిడి వాడి బొటనవేలి వైపుకి తిరుగుతుంది. ఏ పిడికిలి అయినా తెరుచుకునేది బొటనవేలి దగ్గరే. నాలుగు వేళ్ళ బలాన్ని ఓడించక్కర్లేదు, ఒక్క బొటనవేలిని ఓడిస్తే చాలు.

అందుకే ఈ పట్టు చేసేవాడికి చాలా బాధ్యత ఉండాలి. మనం కత్తిని లాక్కుంటున్నాం అనుకుంటాం, నిజానికి బరువంతా పడేది ఎదుటివాడి వేలి మీద.

డెమోకి నన్ను పిలిచాడు. "నువ్వు బలంగా ఉన్నావు, రా. గట్టిగా పట్టుకో, ఏం జరిగినా వదలకు" అన్నాడు. మొదటిసారి నెమ్మదిగా చేశాడు, కత్తి వచ్చేసింది. అందరూ బాగుందన్నారు. రెండోసారి నేను వదలలేదు. ఆయనే వదలొద్దన్నాడు కదా, మోచేతులు ఒంటికి దగ్గరగా లాక్కుని నిలబడ్డాను. కత్తి రాలేదు. వెనకాల ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను. కానీ ఆయన మొహం మారిపోయింది.

"మళ్ళీ" అన్నాడు. నేను ముందులాగే అదే పట్టు వస్తుందని నిలబడ్డాను. ఆయన పట్టు మార్చేశాడు. రింగెక్‌లోనే ఇంకో పట్టుంది: రెండు కత్తులు కలిసినప్పుడు ఎడమ చేత్తో రెండిటి అలుగులూ మధ్యలో కలిపి గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో తన పిడి చివరి గుండుని కింద నుంచి దూర్చి ఎదుటివాడి రెండు చేతుల మీదకి తెచ్చి, కుడి పక్కకి పైకి లాగడం. రెండు కత్తులూ లాగినవాడి దగ్గరే మిగులుతాయి. చాలా గొప్ప పట్టు. కానీ ఇందులో ఎదుటివాడి మణికట్లు, వేళ్ళు రెండు ఇనుప కత్తుల మధ్య ఇరుక్కుపోతాయి. వదిలేద్దామన్నా ఒక్కోసారి వదలలేం. ఇది ఆ రోజు మాకు నేర్పలేదు. ఆదివారం నేర్పాల్సింది. నాకు ఏం వస్తోందో కూడా తెలియదు.

వేళ్ళు ఇరుక్కున్నాయని అర్థమైన వెంటనే "హాల్ట్" అన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు. పక్కనున్నవాళ్ళు విన్నారు. ఆయన కూడా విన్నాడు, నా మొహంలోకే చూస్తున్నాడు. విని, ఒంటి బరువంతా వేసి లాగాడు.

వేలు విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. నేను కింద కూర్చుండిపోయాను. ఆయన రెండు కత్తులూ పైకెత్తి కెమెరా వైపు తిరిగి, "కత్తిని ప్రేమించి వదలనివాడికి ఇదే జరుగుతుంది" అన్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. నా దగ్గరికి రావడానికి ముందు ఆయన చేసిన పని అది. వదలొద్దని చెప్పింది ఆయనే, అందరి ముందు నా మొండితనం అని చెప్పిందీ ఆయనే. ఐస్ తెచ్చింది నాతో పాటు వచ్చిన ఒక జర్మన్ అమ్మాయి. ఆయన బ్యాచ్‌ని ప్రాక్టీస్‌కి పంపించి, నాతో "పల్చటి గ్లవ్స్ వేసుకున్నావు, అంతే" అన్నాడు. వేసుకోమన్నది ఎవరు?

నొప్పి తగ్గుతుంది. ఈ మాటలు మాత్రం తగ్గడం లేదు. నిన్న రాత్రి కూడా నిద్రలో ఆ మొహమే కనిపించింది.

డాక్టర్ చెప్పింది: బొటనవేలి మొదట్లో లోపలి పక్కనున్న లిగమెంట్ సగం చిరిగింది. స్కీయింగ్ చేసేవాళ్ళకి పడ్డప్పుడు చేతిలోని కర్ర వేలిని పక్కకి విరవడంతో ఎక్కువగా అవుతుందట, అందుకే దీన్ని స్కీయర్స్ థంబ్ అంటారు. ఆరు వారాలు కట్టు. పూర్తిగా తెగి ఉంటే ఆపరేషన్ చేయాల్సి వచ్చేది. నేను రోజంతా కీబోర్డ్ మీద బతికేవాడిని. ఆఫీసులో రెండు వారాలు సిక్ లీవ్ పెట్టాను, ప్రాజెక్ట్ డెడ్‌లైన్ టెన్షన్ వేరే.

నా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. మా తాత పల్నాడులో కర్రసాము నేర్పేవాడు. కర్రకి కర్ర తగిలి పట్టులు పడ్డప్పుడు, పట్టు మించిపోతే వదిలెయ్యమనేవాడు. "కర్ర పోతే ఇంకోటి కొట్టుకొస్తాం, వేలు పోతే ఎక్కడ తెస్తావురా" అనేవాడు. ఆయన దగ్గర పదేళ్ళ వయసులో విన్న మాట నాకు ముప్పై నాలుగేళ్ళకి గుర్తుకు రాలేదు. ఒక మనిషి యూనిఫాం లాంటి జాకెట్ వేసుకుని, గోడకి కత్తులు వరసగా పెట్టి, "గట్టిగా పట్టుకో" అంటే పట్టుకున్నాను. నేర్చుకునేవాడికి మొదట చెప్పాల్సింది ఎలా పట్టుకోవాలో కాదు, ఎలా వదలాలో. ఎవరైనా మీతో వదలకు అని చెప్పి డిసార్మ్ డెమో చేస్తుంటే, ఆ మనిషి మీ వేళ్ళని పందెం కాస్తున్నాడని అర్థం. నాకిది ఇప్పుడు తెలిసింది.

ఇంకొకటి, ఆ వర్క్‌షాప్ ఆయన తనని తాను మైస్టర్, అంటే గురువు అని పిలిపించుకుంటాడు. ఆ మాటకి పడిపోవద్దు. 1487లో చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ ఇదే న్యూరెంబర్గ్‌లో మార్క్స్ సోదరులనే కత్తివీరుల సంఘానికి హక్కుపత్రం ఇచ్చాడు. ఆ సంఘం ఫ్రాంక్‌ఫర్ట్‌లో పరీక్ష పెట్టి మైస్టర్ అనే పేరు ఇచ్చేది. ఆ పరంపర ఎప్పుడో తెగిపోయింది. ఇప్పుడు ఈ విద్య నేర్పేవాళ్ళు ఎవరైనా, ఎంత గొప్పవాళ్ళైనా, పాత పుస్తకాలు చదివి, చేసి చూసి, తప్పులు దిద్దుకుని తిరిగి కట్టుకుంటున్నవాళ్ళే. నిజాయితీగా నేర్పేవాళ్ళు ఆ మాట ముందే చెబుతారు. నాకు తెలిసిన మంచి శిక్షకులు చాలామంది అలాంటివాళ్ళే, వాళ్ళందరినీ ఈయనతో కలిపి చూడొద్దు.

రహస్య విద్య అని ఆయన అమ్ముతున్నదేదీ రహస్యం కాదు. రింగెక్ రాతప్రతి డ్రెస్డెన్‌లోని సాక్సనీ రాష్ట్ర గ్రంథాలయంలో ఉంది, స్కాన్ చేసిన పేజీలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. 15వ శతాబ్దం మొదట్లో ఇటలీలో ఫియోరె దేయ్ లిబెరి రాసిన పుస్తకం ఒక ప్రతి లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉంది, అదీ ఉచితమే. ఫియోరె కత్తి లాక్కోవడాన్ని పై నుంచి, మధ్య నుంచి, కింద నుంచి అని విడదీసి, బొమ్మలు వేయించి మరీ చూపించాడు. చదవడం రాకపోయినా ఆ బొమ్మల్లో ఎదుటివాడి చేతులు ఎక్కడ ఇరుక్కున్నాయో చూస్తే చాలు. ఇవన్నీ నేను ఏడాది క్రితమే చూసి ఉండాల్సింది. కంటి ముందు ఉన్న వాటికి 280 యూరోలు కట్టాను.

పైగా అసలు పోరులో డిసార్మ్ అనేది అరుదుగా దొరికే అవకాశం. ఇద్దరూ చేతికందేంత దగ్గరికి వచ్చి, కత్తులు ఒకదానికొకటి అంటుకుని ఉన్నప్పుడు, ఎదుటివాడి పట్టు గట్టిదా మెత్తదా అని కత్తి ద్వారానే తెలుసుకున్నాక వచ్చేది. లీష్టెనావర్ సంప్రదాయంలో దాన్ని ఫ్యూలెన్ అంటారు, అంటే స్పర్శతో పసిగట్టడం. నేను రెండోసారి గట్టిగా పట్టుకున్నప్పుడు ఆయనకి ఆ స్పర్శ తెలిసే ఉండాలి. తెలిస్తే ఆ పట్టు వదిలేసి వేరేది చూపించాలి, అది కూడా చెప్పి, నెమ్మదిగా. విద్య తెలిసినవాడికి అది ఓటమి కాదు, పాఠం. ఆయనకి అవమానంలా అనిపించింది.

ఇక డబ్బు సంగతి. ఆదివారం నేను వెళ్ళలేకపోయాను, సగం డబ్బైనా ఇవ్వమని మెసేజ్ పెట్టాను. "నువ్వు రాకపోవడం నీ నిర్ణయం. పేపర్ మీద సంతకం పెట్టావు, గాయాలకి నా బాధ్యత లేదు" అని సమాధానం, కింద వచ్చే బ్యాచ్ లింక్. అది చూశాక ఫోన్ విసిరేయబోయాను.

ఆన్‌లైన్‌లో కొన్నాం కాబట్టి 14 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు కదా అనుకున్నాను. తారీఖు ఖరారైన ఇలాంటి వినోద కార్యక్రమాలకి ఆ హక్కు లేదని జర్మన్ సివిల్ కోడ్‌లోనే ఉందట. కానీ గాయాల పేపర్ విషయంలో ఆయన చెప్పింది తప్పు. ముందే అచ్చేసి అందరిచేతా సంతకం పెట్టించుకునే కాగితంతో, తన నిర్లక్ష్యం వల్ల ఎదుటివాడి ఒంటికి గాయమైనా నాకు బాధ్యత లేదని తప్పించుకోవడం చెల్లదు. అదే కోడ్‌లో 309వ సెక్షన్, 7వ అంశం. సంతకం పెట్టాం కదా అని నోరు మూసుకోవద్దు. నేను డాక్టర్ రిపోర్ట్ జత చేసి, రెండు వారాల గడువు పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో లెటర్ పంపాను.

సలహా అడిగితే నాకు తెలిసింది ఇంతే. వర్క్‌షాప్‌లకి కాకుండా దగ్గర్లోని రిజిస్టర్డ్ క్లబ్‌కి వెళ్ళండి, చాలా క్లబ్బులు మొదటి క్లాస్ ఊరికే చూడనిస్తాయి. రాష్ట్ర క్రీడా సమాఖ్యలో చేరిన క్లబ్బైతే సభ్యులకి ఇన్సూరెన్స్ కూడా ఉంటుంది, ఏడాది ఫీజు ఎంతైనా నేను రెండు రోజులకి పోసిన దాన్ని చూస్తే తక్కువే అనిపిస్తుంది. వెళ్ళిన మొదటి రోజు, ఎవరైనా హాల్ట్ అన్నప్పుడు నేర్పేవాడు ఎంత త్వరగా ఆగుతాడో చూడండి. డిసార్మ్ స్టీల్‌తో చేయమంటే ముందు నైలాన్‌తో చేయమని అడగండి, కాదంటే బయటికి వచ్చేయండి.

శనివారం ఆ హాల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఫోన్లో ఆ డెమో వీడియో ఉంటే కత్తిరించకుండా నాకు పంపండి. ఆయన పెట్టిన రీల్‌లో నేను హాల్ట్ అన్న ముక్క లేదు. వచ్చే నెల బ్యాచ్‌కి పేరిచ్చిన తమ్ముళ్ళు ముగ్గురూ డబ్బు కట్టేముందు నాకు ఒక్కసారి ఫోన్ చేయండి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.