ఆగస్టు పాటలు: ఏడాది విన్నాక

2024 ఆగస్టులో మా అక్క కూతురు రోజుకో పాట చొప్పున నాకు వాట్సాప్‌లో పంపింది. తను చెన్నైలో చదువుకుంటోంది. "పిన్నీ, ఇందులో సినిమా పాట ఒక్కటి కూడా ఉండదు. నెలంతా నేను పంపినవే వినాలి" అని ముందే షరతు పెట్టింది. సరేనన్నాను. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్తూ వస్తూ వినడమే పని. నెలాఖరుకి ముప్పై ఒక్క పాటల్లో ఏడు నచ్చాయని పక్కన పెట్టుకున్నాను. ఆ ఏడూ ఏడాదికి పైగా ఫోన్‌లో ఉన్నాయి. వాటి గురించి అప్పుడే రాసి ఉంటే ఈ సమీక్ష పూర్తిగా వేరేలా ఉండేది.

నేను పెరిగింది సినిమా పాటలతో. పాట మొదలవగానే హీరో, హీరోయిన్, ఆ సీను కళ్ళ ముందుకొచ్చేస్తాయి. ఈ పాటలకు అదేమీ లేదు. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో బీజీఎం అనే లెక్క కూడా కుదరదు. మొదటి నాలుగైదు రోజులు ఏదో వెలితిగా అనిపించింది. వారం తిరిగేసరికి అదే బాగుందనిపించింది. సీను ఖాళీగా ఉంది కదా, అందులో నా రోజు వచ్చి కూర్చుంది.

మొదటి వారం నా నంబర్ వన్ 'బిగ్ డాగ్స్'. హనుమాన్‌కైండ్ ర్యాప్, కల్మి సంగీతం. ఆ ఏడాది జులైలోనే వచ్చింది. వీడియో కేరళలోని పొన్నానిలో తీశారు. నుమాయిష్‌లో మనం చూసే మౌత్ కా కువా లాంటి బావిలో గోడల మీద బైకులు, కార్లు తిరుగుతుంటే అతను మధ్యలో నిలబడి పాడుతుంటాడు. అమెరికాలో పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో 23వ స్థానం దాకా వెళ్ళిందని తెలిసి నాకు గర్వంగా అనిపించింది. ఆ బేస్ దెబ్బకి సోమవారం పొద్దున కూడా నిద్ర వదిలేది. కానీ ఇప్పుడు రెండు నెలలకోసారి పెట్టుకుంటానేమో. నేను ఎక్కువగా వీడియోని ప్రేమించానని తర్వాత అర్థమైంది. కళ్ళు మూసుకుని వింటే సగం ఉత్సాహమే మిగులుతోంది. అయినా మంచి హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్ళు ఒక్కసారైనా వినాల్సిందే.

అనువ్ జైన్ 'జో తుమ్ మేరే హో' కథ వేరు. లూధియానా కుర్రాడు. గొంతు పెంచకుండా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడతాడు. నువ్వు నా సొంతమైతే లోకాన్ని ఇంకేమీ అడగను, అంతే విషయం. నాకొచ్చిన కాస్త హిందీతోనే మొత్తం అర్థమైంది. మొదట్లో కళ్ళు చెమర్చాయి. తర్వాత ఏ రీల్ తెరిచినా అదే, ఏ ప్రీ వెడ్డింగ్ వీడియోలో చూసినా అదే. పాటలో లోపం లేదు, నా చెవే అలిసిపోయింది. ఆరు నెలలు పక్కన పెట్టి ఈ మధ్య మళ్ళీ విన్నాను, కొంత తిరిగొచ్చింది.

సాయి అభ్యంకర్ 'ఆస కూడ' మాత్రం ఏ రోజూ విసుగనిపించలేదు. తనతో పాటు పాడింది తన సోదరి సాయి స్మృతి. వీళ్ళు టిప్పు, హరిణిల పిల్లలని మా అక్క కూతురు చెప్పాక ఆ గొంతులు ఇంకాస్త దగ్గరయ్యాయి, ఎందుకంటే టిప్పు పాడిన తెలుగు పాటలు విననివాళ్ళం ఎవరున్నాం! తమిళం నాకు రాదు. ఆస అంటే ఆశ అని తెలిస్తే చాలు, మిగతాది దరువు చూసుకుంటుంది. ఇది మా వంటింటి పాట. పోపు వేసేటప్పుడు పెడితే చారు దించేలోపు రెండుసార్లు అయిపోతుంది.

అమెరికన్ గాయని క్లైరో 'జూనా'లో నాకిష్టమైనది ఒక చిన్న చోటు. పాట చివర్లో ఆమె ట్రంపెట్ వాయించినట్టు నోటితోనే శబ్దం చేస్తుంది. చిన్నప్పుడు బడికి వెళ్తూ మేమందరం బ్యాండు మేళాన్ని అలాగే నోటితో వాయించేవాళ్ళం. ఆ ఆల్బమ్ 'చార్మ్'ని పాత పద్ధతిలో టేపు మీద రికార్డు చేశారట. అందుకేనేమో పాటంతా మెత్తగా, వెచ్చగా ఉంటుంది. ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. పాట 'సడన్లీ' కూడా ఆ ముప్పై ఒక్క పాటల్లో ఉంది. బాగుందని తెలుస్తోంది గానీ అది నాకింకా పూర్తిగా దగ్గర కాలేదు.

బిల్లీ ఐలిష్ 'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్' మొదట నా ఏడింటిలో చివరిది. మరీ తియ్యగా ఉందనుకున్నాను. వినగా వినగా ఆ తీపి కింద ఉన్నది వినిపించింది. చచ్చేదాకా, ఆ తర్వాత కూడా నాతోనే ఉండు అని అడుగుతోంది ఆ అమ్మాయి. గుసగుసలాగా పాడే మనిషి, రెండో సగంలో గొంతు విప్పి పైస్థాయికి వెళ్ళిపోతుంది. ఆ చోటు కోసం ఇప్పటికీ ఎదురుచూస్తాను. అమీర్‌పేటలో జనం దిగి బోగీ కాస్త ఖాళీ అయ్యే సమయానికి ఆ చోటు వచ్చేలా ముందు స్టేషన్‌లోనే పాట మొదలుపెట్టిన రోజులున్నాయి. బిల్లీ తన పాటలు దాదాపు అన్నీ అన్న ఫినియాస్‌తో కలిసి చేస్తుంది. 2019లో వచ్చిన ఆమె మొదటి ఆల్బమ్‌ని చాలావరకు ఇంట్లో పడకగదిలోనే రికార్డు చేశారు.

మధ్యలో అమ్మాయి ఒక పరీక్ష పెట్టింది. "తెలుగుది నువ్వే వెతుకు పిన్నీ" అంది. అలా దొరికింది చౌరస్తా బ్యాండ్ 'ఊరెళ్ళిపోతా మామ'. తర్వాత 'చిట్టి' పాటతో అందరికీ తెలిసిన రామ్ మిరియాల ఈ బ్యాండ్ నుంచి వచ్చినవాడే. పట్నంలో ఇమడలేక ఎర్రబస్సెక్కి ఊరికి పోతానంటాడు ఇందులో. నేను ఈ నగరంలో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను, ఆ పాట విన్న రాత్రి ఊరికి ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. ఇలాంటివి తెలుగులో ఇంకా బోలెడు రావాలి. మన భాషకి ఆ సత్తా ఉంది. వచ్చినవాటిని మనం వెతుక్కుని వినాలి, పదిమందికీ పంపాలి.

ఒక సలహా. వీటిని ఫోన్ స్పీకర్‌లో వినకండి, సగం పోతుంది. నేను వాడే యాప్‌లో డబ్బు కట్టకపోతే పాటకీ పాటకీ మధ్య ప్రకటనలు అరుస్తాయి. అందుకే మొదటి వారంలోనే నెల చందా కట్టేశాను.

నా ఏడింటిలో ఎక్కువసార్లు విన్నది అమెరికన్ గాయని మిట్స్కీ పాట. 'మై లవ్ మైన్ ఆల్ మైన్', 2023లో వచ్చింది. మొత్తం రెండు నిమిషాల పదిహేడు సెకన్లు. నెమ్మదిగా నడిచే తాళం, వెనక సాగుతూ పెడల్ స్టీల్ గిటారు. ఆమె చంద్రుడితో మాట్లాడుతుంది. నా గుండెను నీ దగ్గరికి పంపవచ్చా, నేను పోయాక అది నీతో పాటు కింద నావాళ్ళ మీద వెలుగుతుందా అని అడుగుతుంది. ఈ లోకంలో నాదంటూ ఏమీ లేదు, నా ప్రేమ ఒక్కటే నాది అంటుంది.

మా అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. మా అక్క కూతురికి డాబా మీద చందమామని చూపించి గోరుముద్దలు పెట్టింది అమ్మే. ఆ పాట వచ్చిన రోజు ముసురు, చంద్రుడు లేడు. రాయదుర్గంలో దిగాక ప్లాట్‌ఫాం మీద బెంచీ మీద కూర్చుని నాలుగుసార్లు విన్నాను. ఆఫీసుకి ఆలస్యమైంది.

సంక్రాంతికి ఊళ్ళో డాబా మీద అక్కకి ఇయర్‌ఫోన్ ఒకటి ఇచ్చి, రెండోది నేను పెట్టుకుని వినిపించాను. అక్కకి ఇంగ్లీషు రాదు. లైను లైనుకీ ఆపి తెలుగులో చెప్పాను. "అయిపోయిందా? ఇంత చిన్నదేమిటే!" అని లేచి కిందికి వెళ్ళి పిండివంటల పనిలో పడింది. బాధనిపించింది. నేను హైదరాబాద్ వచ్చేసిన మూడో రోజు రాత్రి ఫోన్ చేసింది. "ఏమే, ఆ చందమామ పాట పేరేంటి? టైపు చేస్తే రావట్లేదు" అంది. లింక్ పంపాను.