సైడు ఉబ్బిన కారు టైరు: గేటరా, పాత టైరా, కొత్తది ఒకటా, జతా?

యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ల రోడ్లు సగం కల్లాలే. ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, వాటి మీదికి బండ్లు ఎక్కకుండా అంచు వెంబడి రాళ్లు పేరుస్తారు. ఆరిన వడ్లను బస్తాలకెత్తి కొనుగోలు కేంద్రానికి తోలుకుపోతారు. రాళ్లను ఎత్తే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. మొన్నటి ఏప్రిల్‌లో, రాత్రి తొమ్మిది దాటాక, ఎదురుగా వస్తున్న లారీకి దారి ఇవ్వబోయి అలాంటి రాయిని ఎడమ పక్క ముందు చక్రంతో గుద్దాను. దిగి చూస్తే గాలి పోలేదు, రిమ్ము వంగలేదు. గండం తప్పిందనుకుని నల్లగొండ చేరి పడుకున్నాను. పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తూ మా ఆవిడ పిలిచింది: “ఈ టైరు బుగ్గన జామకాయ పెట్టుకున్నట్టుంది, చూశారా?”

ఆ జామకాయ గురించి సాయంత్రంలోగా నాలుగు సలహాలు వచ్చాయి. మహబూబ్‌నగర్ నుంచి మా బావ ఫోనులో, “గేటర్ వేయించి ట్యూబు ఎక్కించు, ఆరు నెలలు దాని జోలికి పోనక్కర్లేదు” అన్నాడు. పంక్చర్ షాపులో, “సెకండ్ హ్యాండ్‌లో మంచి టైరు ఉంది సార్” అన్నారు. టైర్ల దుకాణంలో, “జత మార్చండి సార్, ఒకటి మారిస్తే బండి లాగుతుంది” అన్నారు. ఎదురింటి పెద్దాయన సలహా అన్నిటికన్నా చవక: “దాన్ని వెనక్కి వేసుకుని నడుపు నాయనా, గాలి పోలేదు కదా!”

చవక సలహా సంగతి ముందు తేల్చేస్తాను. ట్రెడ్ కింద, అంటే రోడ్డును తాకే భాగం కింద, ఉక్కు తీగల బెల్టులు ఉంటాయి. సైడుకు ఆ కవచం లేదు. చాలా కార్ల టైర్లలో అక్కడ ఉండేది ఒకటి లేదా రెండు వరసల పాలిస్టర్ దారాలు, పైన రబ్బరు, లోపల గాలిని పట్టి ఉంచే పలచని పొర. చక్రం గుంత అంచునో రాయినో బలంగా కొట్టినప్పుడు సైడు మడతపడి, రాయికీ రిమ్ముకూ మధ్య రోట్లో పడ్డట్టు నలుగుతుంది. దారాలు తెగుతాయి. రబ్బరు సాగే గుణమున్నది కాబట్టి చిరగదు. దారాల పట్టు పోయిన చోట లోపలి గాలి రబ్బరును బయటికి తోస్తుంది, అదే ఆ ఉబ్బు. అంటే ఆ చోట 33 పీఎస్ఐ గాలిని ఆపుతున్నది ఉత్త రబ్బరు. అది నల్లగొండ బస్టాండు దాకా ఆపుతుందో, నార్కట్‌పల్లి దాటాక హైవే మీద 90 వేగంలో వదిలేస్తుందో ఎవరూ చెప్పలేరు. వెనక్కి మారిస్తే ప్రమాదం తగ్గదు; వెనక టైరు పేలితే బండి తోక పక్కకు జారుతుంది, స్టీరింగ్‌తో దాన్ని సరిదిద్దుకోవడం మామూలు డ్రైవరుకు కష్టం.

ఒక్క మాట. సైడు మీద బయటికి పొంగు కాకుండా లోపలికి సన్నని గీతలా నొక్కు కనిపిస్తే కంగారు పడకండి. దారాల వరస రెండు కొసలూ ఒకదానిపై ఒకటి అతికిన చోట అలా కనిపించడం మామూలే.

ఇక బావ సలహా. గేటర్ అంటే పాత టైరు నుంచి కోసిన ముక్క. దెబ్బ తగిలిన చోట లోపలి నుంచి దాన్ని ఆనించి, పైన ట్యూబు ఎక్కిస్తారు. ఎన్నో వరసల నైలాన్ దారాలతో, గోడలా మందంగా ఉండే పాతకాలం లారీ టైర్ల నుంచి వచ్చిన అలవాటు ఇది. నలభై వేగంతో పోయే ట్రాక్టరు ట్రాలీకి ఇప్పటికీ సరిపోతుందేమో. కారు టైరుది వేరే బతుకు. రోడ్డుకు ఆనిన ప్రతిసారీ దాని సైడు ఉబ్బి, మళ్లీ బిగుసుకుంటుంది. నా బండి టైరు సైజు 185/65 ఆర్15; అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, సైడు ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. ఆ చక్రం కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది. నల్లగొండ నుంచి హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లనుకుంటే, ఒక్క పోకకే ఆ గాయం 50 వేల సార్లు వంగి లేస్తుంది. అన్నిసార్లూ గేటరు అంచు ట్యూబును రాస్తూనే ఉంటుంది. పైగా ట్యూబ్‌లెస్ టైరుకు మేకు గుచ్చుకుంటే గాలి సాధారణంగా మెల్లగా దిగుతుంది; ట్యూబు చిరిగితే ఒక్కసారిగా పోతుంది. ఒక పక్క బరువు పెరిగింది కాబట్టి వేగం పెంచితే స్టీరింగ్ వణకడం అదనం. ఎండాకాలం మన దగ్గర 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ ఎండలో తారు మీద ఇదంతా జరుగుతుంది.

వల్కనైజింగ్ చేయిస్తే అతుకు కనిపించకుండా నున్నగా వస్తుందని కొందరంటారు. నిజమే, నున్నగానే వస్తుంది. కానీ అది రబ్బరును అతికిస్తుంది, తెగిన దారాన్ని అతికించదు. పంక్చర్ వేయదగ్గ చోటు ట్రెడ్ నడిమి భాగం ఒక్కటే, అదీ రంధ్రం 6 మిల్లీమీటర్లు మించనప్పుడు. సైడుకూ, ట్రెడ్డు సైడులోకి మలుపు తిరిగే భుజానికీ మందు లేదు.

గేటరుకు నేను మిగిల్చే పని ఒక్కటే. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక అడవిలో సైడు చీరింది, స్టెపినీ లేదు, దారిన పోయే ఎవరి దగ్గరో గేటరూ ట్యూబూ దొరికాయి. అప్పుడు వేయించుకుని, ముప్పై వేగంతో తర్వాతి ఊరు చేరి, అక్కడ తీసి పారేయాలి. స్టెపినీ లేకపోవడం ఏమిటంటారా? 2020 అక్టోబరు నుంచి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, రిపేరు కిట్టు ఉన్న కార్లకు స్టెపినీ తప్పనిసరి కాదు. ఆ కిట్టులోని జిగురు ద్రవం మేకు రంధ్రాన్ని పూడుస్తుంది కానీ సైడు చీలికను పూడ్చలేదు. కొత్త కారు కొనేటప్పుడు డిక్కీ లోపల కార్పెట్ ఎత్తి చూసేది ఇందుకే.

సెకండ్ హ్యాండ్ టైరును నేను గేటరులా కొట్టిపారేయను. కొత్త కారు కొన్న వారంలోనే అలాయ్ చక్రాల మోజుతో కంపెనీ టైర్లు నాలుగూ విప్పించేవాళ్లున్నారు. అలాంటిది సగం ధరకు దొరికితే అదృష్టమే. దొరికేవి మాత్రం ఎక్కువగా అవి కావు. నాకు చూపించిన టైరుకు నల్ల పాలిష్ కొట్టి పెళ్లికొడుకులా నిలబెట్టారు. సైడు మీద డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలు చూస్తే 1817. అంటే 2017లో 18వ వారం తయారీ. ట్రెడ్ బాగానే ఉంది, వేళ్లతో సైడును నొక్కి వంచితే సన్నని పగుళ్లు. ఏ తోటలోనో ఏళ్ల తరబడి నిలిచిపోయిన కారుది అయి ఉంటుంది. రబ్బరు నడిచినా ముసలిదవుతుంది, నిలబడినా ముసలిదవుతుంది. లోపలివైపు టార్చి వేయమన్నాను. సైడు చుట్టూ వలయంలా గీసుకుపోయిన గుర్తు, తుడిస్తే వేలికి నల్లటి రబ్బరు పొడి. గాలి లేకుండా నడిపిన టైరుకు ఉండే లక్షణం అది. అలాంటి దాని దారాలు లోలోపల మగ్గిపోయి ఉంటాయి, బయటికి నిగనిగలాడుతూనే ఉంటుంది. రిమ్ము మీద బిగించి గాలి కొట్టి అమ్మే పాత టైరును ఎప్పుడూ కొనకండి. విప్పి లోపల చూపిస్తేనే బేరం.

మిగిలింది అసలు చిక్కు: కొత్తది ఒకటా, రెండా? మా బావకూ నాకూ ఇక్కడే జవాబు వేరైంది.

కొత్త కారు టైరు ట్రెడ్ లోతు సాధారణంగా 7, 8 మిల్లీమీటర్లు. 1.6కు దిగితే చట్ట ప్రకారం ఆ టైరు పని అయిపోయినట్టే. గాడుల మధ్య కనిపించే చిన్న గట్లు దానికి గుర్తు. దుకాణంలో కొలిపిస్తే ఉబ్బిన టైరుకు జోడీగా ఉన్న కుడి టైరులో ఇంకా 6 ఉంది. కొత్తదాని 8తో పోలిస్తే తేడా 2. చక్రం వ్యాసంలో చూస్తే అది 4 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసం 621 మిల్లీమీటర్లున్న చక్రంలో ఒక శాతం కూడా కాదు. దీనికి బండి పక్కకు లాగుతుందన్నది అమ్మకం మాట. అదే కంపెనీ, అదే ట్రెడ్ నమూనా, అదే సైజు, సైడు మీద అదే 88 హెచ్ తీసుకున్నాను. ఆ 88 అంటే 560 కిలోల బరువు మోయగలదని, హెచ్ అంటే 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. అయిదారు వేలతో పోయింది.

బావ కారు కథ వేరు. ఆయన వారానికి మూడు రోజులు జడ్చర్ల మీదుగా 44వ నంబరు హైవేలో హైదరాబాదు తిరుగుతాడు. గేటరు సలహా నాకు ఇచ్చిన పది రోజులకే ఆయన టైరు షాద్‌నగర్ దగ్గర సర్వీసు రోడ్డు గుంతలో పడి సైడు చీరింది. జోడీ టైరు కొలిస్తే 3 మిల్లీమీటర్లు. అక్కడ ఒక్కటి కొనడం పొదుపు కాదు. వానాకాలం నడుమ రెండోదీ కొనవలసిందే, ఈలోగా ఒకే ఇరుసు మీద ఒక చక్రం నీటిని చీల్చుకుంటూ, ఒకటి నీటి మీద తేలుతూ పోతాయి. జత కొన్నాడు. దుకాణంవాళ్లు కొత్తవి ముందుకు బిగించబోతే వెనక్కి వేయించమని చెప్పాను. ముందు చక్రాలతో నడిచే కారుకైనా కొత్త జత వెనకే ఉండాలి. తడి రోడ్డు మీద వెనకవి ముందుగా పట్టు తప్పితే కారు గిర్రున తిరుగుతుంది. ముందువి తప్పితే యాక్సిలరేటరు వదిలి నిలదొక్కుకునే వీలుంటుంది. నాలుగు మిల్లీమీటర్లకు పైన మిగిలి ఉంటే ఒకటి, అంతకు దిగితే జత: ఇది నా సొంత లెక్క, శాసనం కాదు.

వారంటీ మీద ఆశ పెట్టుకోకండి. గుంతలో పడి వచ్చిన ఉబ్బును కంపెనీలు తయారీ లోపంగా ఒప్పుకోవు. కొన్నిటికి దెబ్బలకు కూడా వర్తించే వారంటీ ఉంటుంది, కొన్నప్పుడే నమోదు చేసుకుని ఉంటే.

బావకు ఇలా జరగడం ఏడాదిలో రెండోసారి. నాకు ఆరేళ్లలో ఇది మొదటిది. ఆయన నాకన్నా మోటుగా నడుపుతాడని అక్క అంటుంది, కాదనను. కానీ ఆయనది బాలెనో పై వేరియంట్, 195/55 ఆర్16. అదే కారు కింది వేరియంట్‌కు కంపెనీ ఇచ్చేది నా సైజే, 185/65 ఆర్15. రెండు చక్రాల మొత్తం ఎత్తూ దాదాపు సమానం, 621 మిల్లీమీటర్లు. సైడు ఎత్తు మాత్రం నాది 120, ఆయనది 107. రాయికీ రిమ్ముకూ నడుమ మెత్తదనం 13 మిల్లీమీటర్లు తక్కువ. అంచులు తెగిన తారు, కొత్త సిమెంటు రోడ్డుకూ మట్టికీ మధ్య జానెడు దిగుడు, రాత్రికి రాత్రి మొలిచే స్పీడ్ బ్రేకర్లు ఉన్న మన దారుల్లో ఆ 13 చిన్నది కాదు. మలుపులో 16 అంగుళాల చక్రం స్థిరంగా ఉంటుంది, చూడటానికీ దర్జాగా ఉంటుంది. మక్తల్, దేవరకొండ, అచ్చంపేట దారుల్లో తిరిగేవాళ్లకు నా ఓటు 15కే. అయితే కంపెనీ ఆ మోడల్‌కు ఇచ్చిన సైజు అయితేనే. బ్రేకులకు తగలకుండా రిమ్ము సరిపోవాలి కదా.

ఏ సైజు వేసినా ఎండాకాలమని గాలి తగ్గించే అలవాటు దాన్ని పాడు చేస్తుంది. గాలి తగ్గితే సైడు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ కాగుతుంది, గుంతలో తొందరగా రిమ్ముకు చిక్కుతుంది. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకె వేసవికీ అదే. పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించాలి.

కొత్త టైరు బిగించాక దుకాణం కుర్రవాడు ఉబ్బిన టైరును మూలకు దొర్లించి, “దీనికి మూడు వందలు ఇస్తాం సార్, బిల్లులో తగ్గిస్తాం” అన్నాడు. ట్రెడ్ 6 మిల్లీమీటర్లు, గాలి తీస్తే ఉబ్బు మాయం. ఎవరు కొంటారని అడిగితే నవ్వాడు. హాక్సా బ్లేడు అడిగి తీసుకుని ఉబ్బిన చోటే సైడును అడ్డంగా కోసి, డిక్కీలో వేసుకుని వచ్చాను. ఇప్పుడది మా పెరట్లో గడ్డివాము మీది టార్పాలిన్ ఎగిరిపోకుండా బరువుగా ఉంది.