ఆర్ఎమ్ కమాండ్‌తో చాన్నాళ్లు గడిపాక

ఫోన్‌కో మిక్సీకో రివ్యూ రాసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, యూనిక్స్‌లో ఫైళ్లు తీసేసే ఆర్ఎమ్ కమాండ్‌కి రాసినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. నేను రోజూ వాడేది దాన్నే. ఆఫీసులో రాకీ లినక్స్ సర్వర్లు, ఇంట్లో ఉబుంటు లాప్‌టాప్, అప్పుడప్పుడు ఒక మ్యాక్. మూడింట్లోనూ అవే రెండక్షరాలు. 1971లో యూనిక్స్ మొదటి మాన్యువల్ వచ్చినప్పుడే ఇది అందులో ఉంది. ముందే చెప్పేస్తాను: నాకిది నచ్చిన టూల్. దీనికున్న చెడ్డపేరులో ఎక్కువ వాటా నిజానికి షెల్‌కి, అంటే మనం కొట్టిన కమాండ్ చదివి నడిపించే ప్రోగ్రామ్‌కి, వెళ్లాల్సింది.

ఆర్ఎమ్ చేసే పని చాలా చిన్నది. ఫైల్‌లోని డేటాని అది ముట్టుకోదు. డైరెక్టరీలో ఆ ఫైల్ పేరు రాసి ఉన్న ఎంట్రీని తీసేస్తుంది, అంతే. ఫైల్ వివరాలూ, దాని డేటా ఎక్కడుందో చెప్పే చిరునామాలూ ఐనోడ్ అనే రికార్డులో ఉంటాయి. ఒకే ఐనోడ్‌కి రెండు మూడు పేర్లు ఉండొచ్చు, వాటినే హార్డ్ లింకులు అంటారు. ఒక పేరు తీస్తే లెక్క ఒకటి తగ్గుతుంది. లెక్క సున్నాకి వచ్చి, ఆ ఫైల్‌ని ఏ ప్రోగ్రామూ తెరిచి పెట్టుకోకపోతేనే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆ జాగాని ఖాళీ చేస్తుంది. ఈ సంగతి తెలియకుండా ఎన్నేళ్లు వాడినా పని నడుస్తుంది, కానీ తెలిస్తే సగం వింతలు వింతలుగా ఉండవు.

ఉదాహరణకి పర్మిషన్లు. కొత్తగా చేరిన కుర్రాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది (రూట్ అంటే అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్): "అన్నా, ఈ ఫైల్ రూట్‌ది కదా, నాకు రాసే హక్కు కూడా లేదు, మరి నేనెలా తీసేయగలిగాను?" తీసేది పేరుని కాబట్టి, ఆ పేరు ఉన్న డైరెక్టరీలో రాసే హక్కు ఉంటే చాలు. ఫైల్ ఎవరిదన్నది తర్వాతి మాట. అందరూ రాసుకునే టెంప్ డైరెక్టరీలో ఒకరి ఫైళ్లు ఇంకొకరు తీసేయకుండా ఆపేది స్టికీ బిట్ అనే పర్మిషన్ గుర్తు. అది లేని షేర్డ్ ఫోల్డర్ ఎక్కడైనా కనబడితే నాకు వెంటనే టెన్షన్ మొదలవుతుంది.

అసలు తలనొప్పి డిస్క్ నిండినప్పుడు వస్తుంది. అప్లికేషన్ తన పనులు రాసుకునే లాగ్ ఫైల్ పెరిగి పెరిగి పార్టిషన్ నూటికి నూరు శాతం చూపిస్తుంది. ఎవరో ఆ పెద్ద లాగ్‌ని ఆర్ఎమ్‌తో తీసేస్తారు. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కొడితే మళ్లీ అదే నూరు. ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ కొడితే మాత్రం అంత సైజు ఎక్కడా కనబడదు. రెండు కమాండ్లూ రెండు మాటలు చెప్తుంటే ఫైల్‌సిస్టమ్ పాడైందని కంగారుపడి సర్వర్ రీబూట్ చేసినవాళ్లని చూశాను. పాడవలేదు. అప్లికేషన్ ఆ లాగ్‌ని ఇంకా తెరిచే ఉంచింది, పేరు లేని ఫైల్‌లోకే రాస్తూ పోతోంది. తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌కి ప్లస్ ఎల్1 అని ఇస్తే ఇలా పేరు పోయినా బతికున్న ఫైళ్లన్నీ బయటపడతాయి. ఆ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే జాగా వచ్చేస్తుంది. అందుకే నడుస్తున్న లాగ్‌ల మీద నేను ఆర్ఎమ్ వాడను, ట్రంకేట్ కమాండ్‌తో సైజు సున్నా చేస్తాను. అందులోనూ ఒక మెలిక ఉంది. ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని అపెండ్ మోడ్‌లో (ఎప్పుడూ ఫైల్ చివరే రాసే పద్ధతి) తెరవకపోతే, తర్వాతి లైను పాత చోటునుంచే రాస్తుంది. అప్పుడు ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్‌లో ఫైల్ మళ్లీ కొండంత కనబడుతుంది. డిస్క్ మీద మాత్రం అది ఆక్రమించేది కొంచెమే.

ఇదే గుణం ఒక్కోసారి కాపాడుతుంది కూడా. తీసేసిన ఫైల్ ఏదైనా ప్రోగ్రామ్ చేతిలో ఇంకా ఉంటే, ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబర్ కింద ఉండే ఎఫ్‌డీ ఫోల్డర్‌లోంచి దాన్ని కాపీ చేసుకోవచ్చు. ఎవరైనా ఫైల్ పోయిందని ఫోన్ చేస్తే నేను చెప్పే మొదటి మాట: ఏదీ ఆపకండి, ఏదీ రీస్టార్ట్ చేయకండి.

ఇక ఆప్షన్ల సంగతి. మైనస్ ఆర్ ఇస్తే డైరెక్టరీ లోపలున్నవన్నీ కలిపి తీసేస్తుంది. మైనస్ ఎఫ్ ఇస్తే ఏమీ అడగదు, ఫైల్ లేకపోయినా గొడవ చేయదు. చిన్న ఐ ఇస్తే ప్రతి ఫైల్‌కీ అడుగుతుంది. రెడ్ హ్యాట్ కుటుంబం సర్వర్లలో రూట్ యూజర్ ఆర్ఎమ్ అని కొడితే ఈ చిన్న ఐతో కలిపి నడిచేలా అలియాస్ (మారుపేరు) పెట్టి ఇవ్వడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. నాకిది ఎప్పుడూ నచ్చలేదు. యాభై ఫైళ్లకి యాభైసార్లు వై కొట్టాల్సి వస్తే ఏ మనిషీ చదవడు. రెండో రోజుకే ఆర్ఎమ్ తర్వాత మైనస్ ఎఫ్ కొట్టడం వేళ్లకి అలవాటైపోతుంది. ఐ, ఎఫ్ రెండూ ఇస్తే చివర రాసినదే చెల్లుతుంది కాబట్టి ఆ అలియాస్ ఉన్నా లేనట్టే. పైగా అది ఉందన్న ధీమాతో ఇంకో మెషీన్‌కి వెళ్తే అక్కడ అది ఉండదు.

పెద్ద ఐ వేరు. మూడు కంటే ఎక్కువ ఫైళ్లు తీస్తున్నా, మైనస్ ఆర్ వాడుతున్నా ఒక్కసారే అడుగుతుంది. అడిగేది ఒక్కసారే కాబట్టి ఆగి చదువుతాం. చాలా లినక్స్‌లలో ఉండే జీఎన్‌యూ ఆర్ఎమ్‌లో నేను ఎక్కువగా వాడేది ఇదే. ఇంత మంచి ఆప్షన్‌ని ఇంత తక్కువమంది ఎందుకు వాడతారో నాకిప్పటికీ అర్థం కాదు. ఖాళీ డైరెక్టరీలకైతే ఆర్ఎమ్‌డిర్ చాలు. లోపల ఏదైనా ఉంటే అదే మొరాయిస్తుంది, మనక్కావాల్సిందీ అదే.

ఇప్పుడు షెల్ సంగతికి వద్దాం. అన్ని ఫైళ్లూ అని చెప్పడానికి వాడే స్టార్ గుర్తుని ఆర్ఎమ్ ఎప్పుడూ చూడదు. షెల్ దాన్ని ఫైళ్ల పేర్లుగా విప్పి ఇస్తుంది, ఆర్ఎమ్ ఆ చీటీలో ఉన్నవన్నీ తీస్తుంది. కిరాణా కొట్టు కుర్రాడికి చీటీ ఇచ్చినట్టే, అందులో ఏం రాసుందో అదే కడతాడు. 2011లో బంబుల్‌బీ అనే గ్రాఫిక్స్ ప్రాజెక్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లో, యూఎస్ఆర్ అనే డైరెక్టరీ పేరుకీ ఆ తర్వాతి దారికీ మధ్య ఒక్క స్పేస్ పడింది. లోపలి చిన్న ఫోల్డర్‌కి బదులు ప్రోగ్రాములన్నీ ఉండే ఆ డైరెక్టరీ మొత్తం చాలామందికి చెరిగిపోయింది. 2015 జనవరిలో స్టీమ్ అనే గేమ్‌ల యాప్ లినక్స్ స్క్రిప్ట్ విషయంలో ఇంకోటి బయటపడింది. స్టీమ్ ఫోల్డర్‌ని వేరే చోటికి మార్చినప్పుడు దాని దారి ఉండాల్సిన వేరియబుల్ ఖాళీ అయ్యేది. దాని వెనక స్లాష్, స్టార్ ఉండటంతో రూట్ డైరెక్టరీ (అన్నిటికీ పైన ఉండే ఫోల్డర్, గుర్తు స్లాష్) నుంచి ఆ యూజర్‌కి హక్కున్న ఫైళ్లన్నీ, తగిలించిన బయటి డ్రైవ్‌తో సహా పోయేవి. ఆ లైను పైనే ఇది భయంకరం అంటూ ప్రోగ్రామర్ కామెంట్ కూడా ఉంది. భయం ఉంది, చెక్ లేదు.

రూట్ స్లాష్‌ని నేరుగా ఇస్తే జీఎన్‌యూ ఆర్ఎమ్ ఇప్పుడు ఒప్పుకోదు. 2006లో వచ్చిన కోర్‌యుటిల్స్ (ఆర్ఎమ్ ఉండే ప్యాకేజీ) 6.4 నుంచి ఈ కాపలా డీఫాల్ట్‌గా ఉంది, సొలారిస్ 10 అనే యూనిక్స్ అంతకుముందే పెట్టింది. కానీ స్లాష్ పక్కన స్టార్ పెడితే షెల్ దాన్ని బిన్, ఈటీసీ, హోమ్ అంటూ విడివిడి పేర్లుగా ఇస్తుంది కాబట్టి ఆ కాపలా పనికిరాదు. స్క్రిప్టుల్లో నేను పట్టుబట్టేది ఒక్కటే: ఆర్ఎమ్ పక్కన వేరియబుల్ వస్తే దాన్ని కోట్స్‌లో, మీసాల బ్రాకెట్లలో పెట్టి, పేరు వెనకాలే కోలన్, ప్రశ్నార్థకం రాయాలి. అది ఖాళీగా ఉంటే షెల్ అక్కడికక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కోడ్ రివ్యూలో ఇది లేని స్క్రిప్ట్‌ని నేను పాస్ చేయను, ఎంత అర్జెంట్ అన్నా సరే.

లక్షల్లో సెషన్ ఫైళ్లున్న డైరెక్టరీలో స్టార్ కొడితే ఆర్గ్యుమెంట్ లిస్ట్ మరీ పొడవైందని ఎర్రర్ వస్తుంది. అది ఆర్ఎమ్ లోపం కాదు, ఒక ప్రోగ్రామ్‌కి ఎంత పొడుగు లిస్టు ఇవ్వొచ్చో కెర్నల్ పెట్టిన పరిమితి. అక్కడ ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్, దాని డిలీట్ ఆప్షన్ వాడాలి. డిలీట్ ఎప్పుడూ చివరే రావాలి. ఫైండ్ ఎడమనుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. డిలీట్ ముందు రాసి, పేరు షరతు తర్వాత రాస్తే షరతు దాకా రాకముందే అన్నీ పోతాయి. ఫైల్ చివరిసారి మారి ఎన్నాళ్లయిందో చూసే ఎమ్‌టైమ్ షరతుకి ప్లస్ 30 ఇస్తే ముప్పై రోజులు దాటినవి అనుకుంటారు, కానీ అది రోజుల్లో భిన్నాన్ని వదిలేస్తుంది కాబట్టి కనీసం 31 రోజులు నిండినవే దొరుకుతాయి.

తెలుగు పేర్లున్న ఫైళ్ల గురించి ఎవరూ రాయరు, నాకు మాత్రం బాగా ఎదురవుతాయి. ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు, గుణింతం గుర్తుకి విడిగా మూడు, పొల్లుకి ఇంకో మూడు. అంటే 85 కోడ్‌లకే పేరు నిండిపోతుంది. అంతకంటే చిరాకు పెట్టేది, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే రెండు ఫైళ్లు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. రిపోర్ట్ అని ముగిసే పేరు చివర అది ఉన్నా లేకపోయినా తెర మీద తేడా ఉండదు. ఐత్వం కూడా యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ డిస్కులు ముక్కలు చేసి దాచేవి కాబట్టి అక్కడినుంచి వచ్చిన ఫోల్డర్లలో ఇలాంటి జంటలు కనబడతాయి. ట్యాబ్ కొడితే ఏది వస్తుందో తెలియదు, చేత్తో టైప్ చేస్తే ఫైల్ లేదంటుంది. నేను చేసేది ఎల్ఎస్‌కి మైనస్ ఎల్‌ఐ ఇచ్చి ఐనోడ్ నంబర్, తేదీ, సైజు చూసుకోవడం. ఆ నంబర్‌ని ఫైండ్‌కి ఇనమ్ షరతుగా ఇచ్చి తీసేయడం. పేరుతో పనే ఉండదు. పేరు మైనస్ గుర్తుతో మొదలైతే ఇంత కష్టం అక్కర్లేదు, ముందు చుక్క, స్లాష్ పెడితే సరిపోతుంది.

పోయినవి తిరిగొస్తాయా అంటే, ఆశ పెట్టుకోవద్దనే చెప్తాను. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్ట్4 ఫైల్‌సిస్టమ్, ఫైల్ తీసేటప్పుడు ఐనోడ్‌లోని డేటా చిరునామాలని కూడా చెరిపేస్తుంది. ఫోటోరెక్ లాంటి రికవరీ టూల్స్ ఫైల్ ఆకారాన్ని బట్టి వెతికి కొన్ని ఫోటోలు తేగలవు, పేర్లు మాత్రం రావు. ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ (ఏ జాగా ఖాళీ అయిందో డ్రైవ్‌కి చెప్పే పని) నడిచాక ఆ ఆశా పోతుంది. చాలా లినక్స్‌లలో ట్రిమ్ వారానికోసారి తనంతట తానే నడుస్తుంది. దీనికి రివర్స్ కేసు కూడా ఉంది: లాప్‌టాప్ అమ్మేముందు ఫైళ్లని ష్రెడ్ కమాండ్‌తో పూర్తిగా చెరిపేశామనుకుంటారు. ఎస్ఎస్‌డీ మీదా, బీటీఆర్ఎఫ్ఎస్ లాంటి ఫైల్‌సిస్టమ్‌ల మీదా ఆ హామీ లేదు, కొత్త రాత పాత చోటే పడుతుందన్న నమ్మకం లేదు కాబట్టి.

ఇంట్లో లాప్‌టాప్ మీద ట్రాష్ సీఎల్ఐ వాడతాను. ఫైళ్లు హోమ్‌లోని ట్రాష్ ఫోల్డర్‌కి వెళ్తాయి, డెస్క్‌టాప్ చెత్తబుట్ట చూసేదీ అదే. ట్రాష్ ఎంప్టీకి 30 ఇస్తే ముప్పై రోజులు దాటినవి మాత్రం పోతాయి. దీన్ని ఆర్ఎమ్ పేరుతో అలియాస్ పెట్టుకోవద్దని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. నేనూ అదే అంటాను, చిన్న ఐ విషయంలో చెప్పిన కారణమే ఇక్కడా. సర్వర్ల మీద ఇది వద్దు. అక్కడ స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో పట్టి ఉంచినవి), బ్యాకప్‌లు ఉండాలి. స్నాప్‌షాట్లు ఉన్నచోట ఆర్ఎమ్ కొట్టినా జాగా వెంటనే రాదని గుర్తుంటే చాలు.

నా అసలు ఫిర్యాదు వేరే. ఏం తీయబోతున్నావో ముందు చూపించు అని అడిగే ఆప్షన్ ఆర్ఎమ్‌కి ఇప్పటికీ లేదు. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌కి ఇలా చేయకుండానే చూపించే డ్రై రన్ ఉంది, ప్రోగ్రాములు బిల్డ్ చేసే మేక్‌కి ఉంది, దీనికి లేదు. ముందు ఎకో (ఇచ్చినదాన్ని తెర మీద చూపే కమాండ్) పెట్టి స్టార్ ఎలా విప్పుకుంటుందో చూడొచ్చు గానీ, మైనస్ ఆర్ లోపలికి ఎక్కడిదాకా వెళ్తుందో ఎకో చెప్పదు. దానికి డిలీట్ లేకుండా ఫైండ్ కొట్టాలి. పెద్ద డైరెక్టరీ తీస్తున్నప్పుడు ఎంతవరకూ వచ్చిందో కూడా తెలియదు. మైనస్ వీ ఇస్తే వరదలా పేర్లు పారుతాయి, అది పురోగతి కాదు. ఐదుకి నాలుగిస్తున్నాను. ఆ ఒకటి తగ్గించింది డ్రై రన్ లేనందుకే, అడగకుండా చెరిపేస్తున్నందుకు కాదు.