చవక ఫ్లై రాడ్‌తో కెరటాల్లోకి: కర్ర కన్నా ముందు రింగులు చూడండి

సముద్రం ఒడ్డున నిలబడి కెరటాల్లోకి ఫ్లై, అంటే గాలానికి కట్టిన తేలికపాటి కృత్రిమ ఎర, విసరడానికి ఖరీదైన రాడ్ అక్కర్లేదు. పేరున్న కంపెనీల చవక రాడ్లలో కూడా ఇప్పుడు కార్బన్ బ్లాంక్, అంటే అసలు కర్ర, బాగానే ఉంటోంది. తేడా అంతా దానికి తగిలించిన సామానులో ఉంది: రింగులు, రీల్ బిగించే రీల్ సీట్, బెండు పిడి, జాయింట్లు. ధర తగ్గించాలనుకున్న కంపెనీ ముందు కోత పెట్టేది అక్కడే. ఉప్పు ముందు తినేదీ అదే. అందుకే కర్ర ఊపి చూసి, తేలిగ్గా ఉందని కొనేసిన రాడ్ మొదటి సీజన్ దర్జాగా గడిపి, రెండో సీజన్‌లో తుప్పు మరకలతో, బిగుసుకుపోయిన మరలతో మూలపడుతుంది.

ముందు నంబర్ సంగతి. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు చెప్పుకోదగ్గ బరువుండదు. దూరం పోయేది లైన్ బరువుతో. ఎర దాని తోకలా వెంట పోతుంది. రాడ్ మీద రాసే అంకె ఆ లైన్ బరువుకు గుర్తు. లైన్ మొదటి 30 అడుగులు తూస్తే 7 నంబర్‌కు సుమారు 12 గ్రాములు, 8కి 13.6, 9కి 15.6, 10కి 18 గ్రాములు. చాలామంది చేప సైజును బట్టి నంబర్ ఎంచుకుంటారు. ఒడ్డు మీద ఆ లెక్క నడవదు. అక్కడ నంబర్ తేల్చేది ఎదురుగాలి, ఎర సైజు. అరకిలో చేప కోసం వెళ్లినా, ముఖాన కొట్టే గాలిలో సీసం కళ్లున్న క్లౌజర్ ఎరను ముందుకు తోయాలంటే 6 నంబర్ చేతులెత్తేస్తుంది. ఒకే ఒక్క రాడ్ కొనేవాళ్లకు 8 నంబర్, 9 అడుగుల పొడవు, నాలుగు ముక్కలది. గాలి ఎప్పుడూ ఉండే చోట, అరచేయంత ఎరలు వాడేవాళ్లకు 9. అంతకు మించి వద్దు. 10 నంబర్‌తో గంటసేపు విసిరాక భుజం చెప్పే మాట ఏ ప్రకటనలోనూ ఉండదు.

పొడవు విషయంలో 10 అడుగుల రాడ్‌కు ఒక న్యాయమైన కారణం ఉంది. ఒడ్డు మీ వెనకాల ఎత్తుగా లేస్తుంది కాబట్టి, వెనక్కి వేసిన లైన్ కాస్త కిందికి దిగిందంటే ఎర ఇసుకకో రాయికో తగిలి గాలం మొన విరుగుతుంది. ఆ తర్వాత చేపలు ‘తగిలి వదిలేస్తున్నాయి’ అనుకుంటూ గంటలు గడుపుతారు. పొడవు రాడ్ లైన్‌ను కొంచెం పైన ఉంచుతుంది, ముందున్న అల మీదుగా ఎత్తి పట్టుకుంటుంది కూడా. కానీ చవక రాడ్లలో పొడవు పెరిగేకొద్దీ కొస బరువెక్కి, రాడ్ ముక్కు కిందికి వాలుతూ ఉంటుంది. 9 అడుగులదే తీసుకుని, వెనక్కి విసిరేటప్పుడు చేతిని పైకి నిలిపే అలవాటు చేసుకోవడం మేలు. పదేసి విసుర్లకొకసారి గాలం మొనను గోటి మీద ఆనించి చూడండి. జారితే మొన పోయినట్టే.

‘ఫాస్ట్ యాక్షన్’ అన్న మాటను చవక రాడ్ల మీద మహా ధారాళంగా రాస్తారు. ఫాస్ట్ అంటే పై భాగం వంగి, విసురు ఆగగానే ఊగిసలాడకుండా నిలదొక్కుకోవడం. కర్ర మొత్తం బిర్రుగా ఉండటం కాదు. బిర్రు రాడ్ కనుక్కోవడం తేలికే: 30 అడుగుల లైన్ బయటికి తీసి గడ్డి మీద విసిరినప్పుడు వంపు పై ముక్కలోనే ఆగిపోయి, చేతికి ఏమీ తెలియకపోతే అదే. కెరటాల్లో చాలా విసుర్లు 40 నుంచి 60 అడుగులే. చేపలు తరచుగా మీరనుకున్నదానికన్నా దగ్గర్లో, అల విరిగి ఇసుక తవ్విన గుంటల్లో ఉంటాయి. 90 అడుగులకు గానీ వంగని రాడ్ అక్కడ ఏం చేసుకుంటాం? మీడియం ఫాస్ట్ అనిపించేదే కొత్తవాళ్లకు నయం. షాపులో ఉత్త కర్రను గాల్లో ఆడించి చూడటం మాత్రం దండగ. లైన్ లేకుండా ఆ ఊపుకు అర్థం లేదు.

బిర్రుగా ఉన్న రాడ్‌కు ఒక నంబర్ ఎక్కువ లైన్ వేయమని సలహాలిస్తారు. వేసే ముందు లైన్ డబ్బా తిరగేసి, దాని మీద గ్రెయిన్లలో (తూకంలో ఓ చిన్న కొలత) రాసిన బరువు చదవండి. ప్రామాణికం ప్రకారం 8 నంబర్ 210 గ్రెయిన్లు, 9 నంబర్ 240. ఈ రోజుల్లో 8 అని అమ్మే సముద్రపు లైన్లు చాలావరకు అంతకన్నా అర నంబరో ఒక నంబరో ఎక్కువే బరువుంటాయి. వాటికి మళ్లీ ఒకటి కలిపితే రాడ్ కుంగిపోతుంది, విసిరినప్పుడు గాల్లో పడే లైన్ మలుపు వెడల్పై గాలికి చిక్కుతుంది. రాడ్ చెడ్డదన్న చాలా ఫిర్యాదుల వెనక ఉన్నది ఈ లెక్క తప్పడమే.

ఇక రింగులు. పిడికి దగ్గరగా ఉండే పెద్ద రింగులను స్ట్రిప్పింగ్ గైడ్లంటారు. వాటిలో సిరామిక్ వలయం ఉంటుంది. 8 నంబర్ రాడ్‌కు మొదటిది కనీసం 12 మిల్లీమీటర్లుండాలి, 16 అయితే ఇంకా మంచిది. నడుముకు కట్టుకునే లైన్ బుట్టలోంచి లేచే లైన్ మెలిపడి వచ్చినా దాటిపోతుంది. చిటికెడు దూది తీసుకుని వలయం లోపలంతా తిప్పండి. పోగు ఎక్కడైనా పట్టుకుందంటే అక్కడ పగులుంది, అది కొత్త లైన్ పూతను వారంలో గీకేస్తుంది. పైనున్న పాము మెలిక రింగులు హార్డ్ క్రోమ్ పూసిన స్టెయిన్‌లెస్ అయితే చాలు, టైటానియం కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. చూడాల్సింది రింగు కాదు, రింగు పాదం. దారం చుట్టి ఎపాక్సీ పోసిన చోట, పాదం దారంలోకి దూరే అంచు దగ్గర ఎపాక్సీ నిండుగా మూసుకుని ఉందా, సన్నటి బొరియ వదిలారా? ఆ బొరియలోంచే ఉప్పునీళ్లు లోపలికి దిగుతాయి. కొన్నాళ్లకు దారం కింద గోధుమ రంగు నీడ కనిపిస్తుంది. అప్పటికి లోపల తుప్పు మొదలై చాలా రోజులైనట్టు.

రీల్ సీట్‌లో చెక్క ఉంటే, ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. అది చెరువులకూ వాగులకూ. ఉప్పునీటికి ఆనోడైజ్ చేసిన అల్యూమినియం, పైకి బిగిసే రకం, రెండు లాకింగ్ రింగులున్నది కావాలి. ఒక్క రింగే ఉంటే రోజంతా విసిరే అదురుకు వదులై, చేప పరుగు తీసే క్షణంలో రీల్ చేతిలోకి ఊడివస్తుంది. సీట్ లోపల కార్బన్ గొట్టం ఉంటే ఒక తిరకాసుంది. కార్బన్‌కూ అల్యూమినియానికీ మధ్య ఉప్పునీళ్లు చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో తినుకుపోయేది అల్యూమినియం. మరల మీద తెల్లటి పొడి కనబడిందంటే అదే. దాని మీద ఇసుక రేణువు కూడా చేరితే రీల్ ఇక రాదు. పట్టకారు పెట్టి తిప్పితే సీట్ వంకరపోతుంది. ఇంటికి రాగానే రీల్ విప్పి, మరలను మామూలు నీళ్లతో కడిగి, ఆరాక కాస్త మైనం రాస్తే ఈ గొడవ ఉండదు.

పిడి రెండు చివర్లా ఉబ్బిన ఫుల్ వెల్స్ ఆకారంలో ఉండాలి. సన్నటి సిగార్ పిడి తడి చేతిలో జారుతుంది. బెండులో గుంటలు పూడ్చి రంగు కలిపేయడం చవక రాడ్లలో మామూలే, నాలుగు తడుపులకు ఆ పూత రాలి పిడి మశూచి మొహంలా తయారవుతుంది. చూడ్డానికే బాధ, పనికేం కాదు. రీల్ కింద రెండు అంగుళాల ఫైటింగ్ బట్, అంటే పొట్టకు ఆనించే చిన్న పిడి ముక్క, మాత్రం తప్పనిసరి. అది లేకపోతే పొట్టకు ఆనించినప్పుడు రీల్ చొక్కాలో చిక్కుకుంటుంది.

విరిగిన రాడ్లలో పెద్ద వాటా జాయింట్లది. విసురుతుంటే పై ముక్క వెంట్రుకవాసి చొప్పున బయటికి జరుగుతుంది, పట్టు తగ్గిన చోట గొట్టం నిలువునా చీలుతుంది. అమర్చేటప్పుడు రింగులను పావు వంతు పక్కకు పెట్టి, లోపలికి నొక్కుతూ వరసలోకి తిప్పండి. అరగంటకోసారి మూడు జాయింట్లూ చేత్తో తడిమి చూడండి. లోపలి భాగానికి తెల్ల కొవ్వొత్తి రుద్దితే జారడం తగ్గుతుంది. ఇసుక అంటుకుందేమో ముందు తుడవాలి, ఒక్క రేణువు చాలు గీత పడటానికి. విప్పేటప్పుడు రింగులు పట్టుకుని తిప్పకండి, పాదాలు లేచిపోతాయి.

రాడ్లు విరగడానికి రెండో కారణం సీసం కళ్ల ఎర. గాలికి కిందికి దిగిన క్లౌజర్ కర్రకు టక్కున తగులుతుంది. అప్పుడేమీ కాదు. కార్బన్ పోగులు లోపల నలిగి ఉంటాయి, పదిహేను రోజుల తర్వాత మామూలు విసురుకే అక్కడ విరుగుతుంది, కంపెనీని తిట్టుకుంటాం. మూడోది, ఒడ్డుకొచ్చిన చేపను రాడ్ నిలువుగా పైకెత్తి లాగడం. అప్పుడు బరువంతా కొస మీదే. రాడ్‌ను కిందికి వాల్చి నాలుగడుగులు వెనక్కి నడుస్తూ, వచ్చే అలతో పాటు చేపను ఇసుక మీదికి జార్చుకోవాలి.

విరగడం ఖాయమనుకునే వారంటీ చూడండి. ఆర్విస్ కంపెనీ క్లియర్‌వాటర్ రాడ్‌కు 25 ఏళ్ల హామీ ఉంది. టీఎఫ్‌ఓ (టెంపుల్ ఫోర్క్ అవుట్‌ఫిటర్స్), ఎకో, రెడింగ్టన్ కూడా చవక తరగతిలో 8 నంబర్ ఉప్పునీటి రాడ్లు తెస్తున్న పేర్లే. కాస్టింగ్ చాంపియన్ టిమ్ రాజెఫ్ చేతి డిజైన్లు ఎకోవి. గట్టితనం కావాలనేవాళ్లకు నచ్చుతాయి. టీఎఫ్‌ఓ బీవీకే తేలిక రాడ్, బాగా చురుకు. ఆ మూడక్షరాలు లెఫ్టీ క్రే అసలు పేరైన బెర్నార్డ్ విక్టర్ క్రేకు పొడి అక్షరాలు. డిసీవర్ అనే ఎర కట్టిన పేరున్న ఫ్లై జాలరి ఆయన. ఏది కొన్నా రెండు ప్రశ్నలు అడగాలి: విరిగిన ముక్క ఒక్కటే ఇస్తారా, మొత్తం రాడ్ పంపాలా? హామీ మీరున్న దేశంలో చెల్లుతుందా? ఉచితమన్న వారంటీకి కూడా పంపే ఖర్చు, సర్వీస్ రుసుము ఉంటాయి.

రాడ్, రీల్, లైన్ కలిపి అమ్మే సెట్లలో రాడ్ ఒక్కటే లెక్కలోకి వస్తుంది. వాటిలో లైన్ దాదాపు ఎప్పుడూ తేలే రకం. కెరటాల్లో తేలే లైన్‌ను ప్రతి అలా వెనక్కి ముందుకి ఈడుస్తుంది, ఎరకూ చేతికీ మధ్య లైన్ వదులైపోతుంది, చేప తగిలినా తెలియదు. సెకనుకు నాలుగైదు సెంటీమీటర్లు మునిగే ఇంటర్మీడియట్ లైన్, ముందు 30 అడుగులు బరువుగా ఉండేది, విడిగా కొనండి. రాడ్‌లో మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టాలి. నీళ్లు చల్లనివా వెచ్చనివా చూసుకుని తీసుకోండి. వెచ్చటి నీళ్ల లైన్ చలిలో స్ప్రింగులా చుట్టుకుంటుంది, చల్లటి నీళ్లది ఎండలో మెత్తబడి రింగులకు అతుక్కుంటుంది. నడుముకు కట్టుకునే లైన్ బుట్ట కూడా ఈ ఖర్చులోనే లెక్కేసుకోండి.

పాత రాడ్ దొరికితే కొత్త చవక రాడ్ కన్నా మంచి బేరమే కావచ్చు. ఒక్కో ముక్కనూ చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచండి, ‘టిక్’ మంటే వద్దు. జాయింట్ ఆడ భాగం అంచును వెలుతురుకు పెట్టి వెంట్రుక చీలిక ఉందేమో వెతకండి. చివరగా నాలుగు ముక్కలనూ నేల మీద పక్కపక్కన నిలబెట్టండి. అవి ఇంచుమించు ఒకే ఎత్తుండాలి. కొస ముక్క మిగతావాటికన్నా మూడు నాలుగు అంగుళాలు పొట్టిగా ఉందంటే, ఎప్పుడో విరిగిన కొసకు కొత్త రింగు అతికించి అమ్ముతున్నారన్నమాట.