పవర్ స్టీరింగ్ పైపు లీకైతే కంపెనీదా, లోకల్‌దా?

మేడారం జాతర అయినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను ఏడెనిమిది మంది అడిగారు. "అన్నా, స్టీరింగ్ ఆయిల్ కారుతున్నది. కంపెనీ పైపు వెయ్యాల్నా, లోకల్‌ల చేపిస్తే నడుస్తదా?" నన్నే ఎందుకంటే, జాతర నుంచి తిరిగొస్తుంటే పస్రా దాటాక నా బండి బానెట్ కింద నుంచి పొగ లేచిన సంగతి కాజీపేటలో తెలియనివాళ్లు లేరు. డిక్కీలో ప్రసాదం బంగారం, అంటే బెల్లం, వెనక సీట్లో అమ్మ, అక్క, పిల్లలు. మంట రాలేదు. పొగతోనే ఆగింది. దించిన బెల్లం బుట్ట మీద కూర్చుని అమ్మ చేసిన దండాల ముచ్చట వేరే.

బండి పాత డీజిల్, ఏడు సీట్లది. పగిలింది ప్రెషర్ పైపు, పంపు నుంచి స్టీరింగ్ బాక్స్‌కు ఆయిల్‌ను ప్రెషర్‌తో తీసుకెళ్లేది. పగలడం ఆ రోజే పగిలింది కానీ తడి కనిపించి మూడు నెలలైంది. డబ్బాలో ఆయిల్ కిందికి దిగినప్పుడల్లా పోసుకుంటూ తిరిగాను. తప్పు నాదే.

జాతర తర్వాతే ఇన్ని పైపులు ఎందుకు పోతాయో మొదట చెప్తాను, ఎందుకంటే ఏ పైపు వెయ్యాలన్న లెక్క అక్కడే మొదలవుతుంది. టైర్లో మనం 32, 33 పాయింట్ల గాలి పెడతాం. బండి నిలబడి ఉండగా స్టీరింగ్‌ను ఒక పక్కకు చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుంటే, అదే లెక్కలో ఈ పైపులో ప్రెషర్ వెయ్యి పాయింట్లు దాటుతుంది. నేరుగా హైవే మీద పోతుంటే అందులో కొంచెమే. జాతర పార్కింగ్‌లో ఏం చేస్తాం? ఇసుకలో, పొలంలో, నిండా మనుషులతో బండి కదలకుండానే స్టీరింగ్ ఇటు చివరికీ అటు చివరికీ తిప్పుతాం. పంపు మూలుగుతుంటే ఇంకొంచెం గట్టిగా తిప్పుతాం. పాతబడిన పైపు అక్కడే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. తర్వాత గంటల తరబడి ఫస్ట్ గేర్‌లో, ఏసీ వేసుకుని, ముందు నుంచి గాలి లేకుండా పాకుతాం. బానెట్ కింద వేడి పోయే దారి ఉండదు.

ఆయిల్ కిందికి కారితే మరక పడుతుంది, అంతే. అదే ఆయిల్ మ్యానిఫోల్డ్ మీదో (ఇంజన్ పొగ సైలెన్సర్ వైపు బయటికొచ్చే ఇనుప గొట్టం), ఆ పొగతోనే తిరిగే టర్బో మీదో, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ మీదో పడితే కథ మారుతుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ సుమారు 180 డిగ్రీల దగ్గర అంటుకునే ఆవిరి ఇవ్వడం మొదలుపెడుతుంది. లోడు మీద పోతున్న బండి మ్యానిఫోల్డ్ 500 దాటగలదు. చుక్కలు చుక్కలుగా పడితే చాలాసార్లు పొగతోనే పోతుంది. సన్నని చీలికలోంచి ప్రెషర్‌తో తుంపరగా కొడితే అంటుకోవడం చాలా తేలిక. ఇంకో సంగతి, బండి ఆపిన వెంటనే బానెట్ కింద వేడి తగ్గదు, కాసేపు పెరుగుతుంది. ఇంటికి వచ్చి ఆపాం కదా అని నిశ్చింతగా లోపలికి పోకూడదు.

ఇది మన పాత బండ్ల గొడవ మాత్రమే అనుకోవద్దు. 2012లో హోండా అమెరికాలో 2003 నుంచి 2007 దాకా వచ్చిన వి6 అకార్డ్ కార్లను ఐదు లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. కారణం ఇదే. పవర్ స్టీరింగ్ పైపు ఇంజన్ వేడికి పగుళ్లు పట్టి, ఆయిల్ కేటలిటిక్ కన్వర్టర్ మీద పడి పొగ, మంట వచ్చే ప్రమాదం. అంత పెద్ద కంపెనీ, అసలు పైపే వేసింది. అందుకే "కంపెనీది వేశాను, ఇంక టెన్షన్ లేదు" అనేవాళ్లకు ముందే చెప్తున్నా, కంపెనీ పైపు కూడా ముసలిదవుతుంది.

ఇప్పుడు దుకాణాల సంగతి. నాకు కంపెనీ ప్రెషర్ పైపుకు ఆరు వేల చిల్లర చెప్పారు. తెప్పించడానికి వారం, పది రోజులు. ఆటోనగర్‌లో జేసీబీ, ట్రాక్టర్ పైపులు చేసే హైడ్రాలిక్ దుకాణంలో పాత పైపు ఇనుప చివరలు ఉంచుకుని మధ్యలో కొత్త రబ్బరు పైపు పెట్టి ప్రెస్సింగ్ చేసి, అంటే అతుకులను మిషన్‌తో గట్టిగా నొక్కి ఇస్తారు. పద్దెనిమిది వందలు, గంట పని. ఆరు వేలకూ పద్దెనిమిది వందలకూ మధ్య మనసు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

లోకల్ పైపును తక్కువ చేయను. ప్రెషర్ తట్టుకునే విషయంలో అది కంపెనీ పైపు కన్నా గట్టిదే కావచ్చు. లోపల స్టీలు వైరు జాలీ ఉంటుంది, జేసీబీ తొండం ఎత్తేది ఆ పైపులే. మరి తేడా ఎక్కడంటే వేడి దగ్గర. ఆ పైపుల్లో మామూలు రకాలు 100 డిగ్రీల దాకా పనికొచ్చేలా చేసినవి. పవర్ స్టీరింగ్ కోసమే చేసిన పైపుల రబ్బరు అంతకన్నా ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది. జేసీబీ పైపు ఆరుబయట గాలిలో ఉంటుంది, మన పైపు పొయ్యి పక్కన ఉంటుంది. ఇంకో చిన్న తేడా ఉంది. కంపెనీ పైపు పంపు కొట్టే దెబ్బకు కొద్దిగా ఉబ్బి ఆ అదురును మింగేస్తుంది. గట్టి వైరు పైపు ఉబ్బదు, కాబట్టి తిప్పినప్పుడు స్టీరింగ్‌లో జుమ్మనే శబ్దం వస్తుంది. దానికి ప్రమాదం లేదు, చిరాకు మాత్రం ఖాయం.

ఇదంతా చెప్పాక కూడా, నా లెక్కలో అసలు తేల్చేది వేరే ఉంది. నా మెకానిక్, ఆటోనగర్‌లో అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దాయన, నా పాత పైపు చేతిలో పట్టుకుని ఒక మాట అన్నాడు. "సార్, పైపు ఎవరిదని అందరూ అడుగుతరు. అది ఎటు నుంచి పోతున్నదో ఎవ్వరూ చూడరు."

కంపెనీ పైపును దగ్గర పెట్టుకుని చూస్తే అది తిన్నని పైపు కాదు. సగం ఇనుప గొట్టం, దాన్ని నాలుగైదు చోట్ల వంచి ఉంటారు. ఆ వంపులు ఊరికే పెట్టినవి కాదు. మ్యానిఫోల్డ్‌కు దూరంగా, ఫ్యాన్‌కు తగలకుండా, ఇంజన్ ఊగినా లాగకుండా లెక్కేసి పెట్టినవి. మధ్యలో ఒకటో రెండో క్లిప్పులు దాన్ని బాడీకి పట్టి ఉంచుతాయి. మ్యానిఫోల్డ్‌కూ పైపుకూ నడుమ ఒక రేకు ఉంటుంది, హీట్ షీల్డ్. అన్నీ వాటి చోట ఉంటే, పైపు లీకైనా ఆయిల్ చాలావరకు వేడి ఇనుము మీద పడకుండా పోతుంది.

లోకల్‌గా చేయించినప్పుడు ఇక్కడే తేడా కొడుతుంది. రబ్బరు ముక్కను రెండు అంగుళాలు ఎక్కువ కోస్తే పైపు వేలాడి మ్యానిఫోల్డ్ వైపు జారుతుంది. రెండు అంగుళాలు తక్కువైతే ఇంజన్ ఊగినప్పుడల్లా ప్రెస్సింగ్ చేసిన చోట లాగుతుంది, ఆర్నెల్లలో అక్కడే తడి. చివరలు ప్రెస్సింగ్ చేసేటప్పుడు కాస్త తిరిగి కూర్చుంటే, బిగించాక పైపు మెలి పడుతుంది. ఇక విప్పిన క్లిప్పులు తిరిగి పెట్టేది ఎవరు? రేకు బోల్టు తుప్పు పట్టి విరిగితే "లేకున్నా ఏం కాదు" అని పక్కన పడేస్తారు. నా బండిలో రేకు లేదు. ఎప్పుడు, ఎవరు తీసేశారో నాకు తెలియదు. పొగ వచ్చింది పైపు పగిలినందుకు కాదు, ఆ రేకు లేనందుకు అని ఉస్తాద్ తేల్చేశాడు. పాత పైపు కంపెనీదే మరి.

అందుకని ప్రెషర్ పైపు వరకు నా ఓటు కంపెనీకే. దాని మీద ఉన్న పేరుకు కాదు, దాని వంపులకు. పది రోజులు బండి ఇంటి ముందు ఉంచాను. పెళ్లిళ్ల సీజన్, అందరూ తిట్టారు. ఆగలేనివాళ్లు లోకల్‌గా చేయించుకోవచ్చు, కానీ పాత పైపును ముక్కలు చేయకుండా మొత్తంగా దుకాణానికి తీసుకెళ్లాలి. పక్కన పెట్టి పొడవు, చివరల దిశ సరిచూసి కోయించాలి. బిగించాక ఇంజన్ స్టార్ట్ చేసి, ఒకరు స్టీరింగ్ రెండు పక్కలా తిప్పుతుంటే ఇంకొకరు టార్చ్ వేసి పైపు ఎటు కదులుతుందో చూడాలి. ఫ్యాన్, బెల్టు తిరుగుతుంటాయి, చేతులు, చున్నీ, కండువా దూరం. చివరల దగ్గరి రాగి వాషర్లు కొత్తవే వేయించండి. పాత వాషర్లు తిప్పి వేసి, పైపు బాగాలేదని తిరిగి పోయినవాళ్లను చూశాను.

రిటర్న్ పైపుకు, అంటే స్టీరింగ్ బాక్స్ నుంచి ఆయిల్ వెనక్కి వచ్చేదానికి, కంపెనీదే కావాలని పట్టు పట్టను. అందులో ప్రెషర్ తక్కువ, ఆయిల్‌కు పనికొచ్చే మంచి రబ్బరు పైపు, రెండు గట్టి క్లాంపులు చాలు. కానీ చాలామంది మోసపోయేది కూడా దీని దగ్గరే. చేతికి అందిందని రేడియేటర్ నీళ్ల పైపు ముక్క కోసి పెడతారు. నీళ్ల పైపు రబ్బరు నీళ్లకు చేసింది. పెట్రోలియం ఆయిల్ తగిలితే ఉబ్బి, మెత్తబడి, క్లాంపు దగ్గర చీలుతుంది. ప్రెషర్ లేదు కదా అని తేలిగ్గా తీసుకుంటారు గానీ, మ్యానిఫోల్డ్‌కు ప్రెషర్‌తో పనిలేదు, ఆయిల్ పడితే చాలు.

మిగతా దారులు రెండు ముక్కల్లో. స్క్రాప్ దుకాణంలో పాత పైపు తెచ్చి వేయడం అంటే వేరేవాళ్ల ముసలి పైపు కొనుక్కోవడం. డబ్బాలో పోసే లీకేజీ మందు సీళ్ల దగ్గరి చిన్న తడికి కొన్నాళ్లు పనిచేస్తుందేమో, పగిలిన పైపును అతికించదు. "నెలకో అర లీటరు పోసుకుంట నడుపు, ఏమైతది" అనే సలహా నాకూ ఇచ్చారు, నేనూ విన్నాను. ఫలితం పస్రా దగ్గర చూశాను.

"ఇంత గొడవెందుకు, కరెంటు స్టీరింగ్ బండి కొంటే పోలే?" అని మా బావ అన్నాడు. నిజమే, స్విఫ్ట్, ఎర్టిగా లాంటి వాటిలో ఈ ఆయిలూ లేదు, పైపూ లేదు. బానెట్ ఎప్పుడూ తెరవనివాళ్లకు అదే మేలు. అయితే మధ్య రకం ఒకటుంది, ఆయిలూ ఉంటుంది, పంపును మాత్రం కరెంటు మోటారు తిప్పుతుంది. పాత రెనో డస్టర్‌లో ఉండేది ఆ రకమే. 2024 సెప్టెంబరులో అమెరికా రహదారి భద్రతా సంస్థ 2021 నుంచి 2023 మోడళ్ల జీప్ రాంగ్లర్, గ్లాడియేటర్ బండ్ల మీద, దాదాపు 7.8 లక్షల బండ్లు, దర్యాప్తు మొదలుపెట్టింది. బానెట్ కింద మంటలని ఫిర్యాదులు, అనుమానం పవర్ స్టీరింగ్ పంపు కరెంటు కనెక్టర్ ఉన్న చోట. ఎక్కువ సంఘటనల్లో అప్పటికి బండి ఆపేసి ఉంది. బెల్టుతో తిరిగే మన పాత పంపుకు ఒక సుగుణం ఉందని అప్పుడు అర్థమైంది. ఇంజన్ ఆపితే పంపు ఆగుతుంది, తుంపర కూడా ఆగుతుంది. అడవి రోడ్డు మీద నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అదే, పక్కకు తీసి తాళం తిప్పేశాను. మంటే వస్తే బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలి పెద్దదవుతుంది. ముందు మనుషులను దించి దూరం పంపాలి.

కొత్త పైపు వేశాక ఒక పని మిగిలి ఉంటుంది, దాన్ని ఎవరూ చేయరు. కారిన ఆయిల్ ఇంజన్ కింది ప్లాస్టిక్ పలకలోనూ, బానెట్ లోపలి దూది పట్టీలోనూ ఇంకి ఉంటుంది. అది తుడిపించకపోతే రెండు రోజులు పొగ వస్తూనే ఉంటుంది, కొత్త లీకో పాత ఆయిలో తెలియదు. చల్లారిన ఇంజన్ మీద కడిగించి, రాత్రి కింద ఒక అట్టముక్క పరవండి. పొద్దున చుక్క ఉందా లేదా అదే చెప్తుంది.

నా లెక్క చివరికి ఇలా తేలింది. ప్రెషర్ పైపు కంపెనీది, రిటర్న్ పైపు లోకల్, రేకు ఆటోనగర్‌లోనే కొత్తగా కోయించి బిగించిందే. ఆ రేకుకు మూడు వందలు.

నిన్న బావ బండి బానెట్ కూడా ఎత్తి చూశాను. పైపు కొత్తదే, లోకల్‌ది, పని కూడా నీటుగానే ఉంది. క్లిప్ మాత్రం లేదు. దాని బదులు ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టారు. ఆ ట్యాగ్ మ్యానిఫోల్డ్ వైపు సగం కరిగి ఉంది. ఆదివారం ఉస్తాద్ దగ్గరికి తీసుకురమ్మన్నాను.