పది అట్టల ఆట: విశాఖ అపార్ట్‌మెంట్లలో 'వాట్స్ మై లైన్?'

ఉగాదికీ, వినాయక చవితికీ అపార్ట్‌మెంట్లలో పాత టీవీ ఆటలు ఆడించే బృందం ఒకటి ఎంవీపీ కాలనీలో ఉంది. వాళ్ల ఆటల్లో డబ్బు పెట్టదగ్గది 'వాట్స్ మై లైన్?'. అమెరికాలో సీబీఎస్ టీవీ ఈ ఆటను 1950 ఫిబ్రవరి 2న మొదలుపెట్టి 1967 దాకా నడిపింది, చాలావరకు లైవ్‌లోనే. వచ్చినవాళ్ల వృత్తేమిటో ప్యానెల్లోని నలుగురు అవును, కాదు ప్రశ్నలతోనే పట్టుకోవాలి. ఒక్కో 'కాదు'కి వచ్చినవాళ్లకు 5 డాలర్లు, పది పడితే 50 డాలర్లతో ఆట ముగిసినట్టే.

అప్పటి యాంకర్ జాన్ డేలీ లాగే వీళ్లూ బల్ల మీద అట్టలు పెట్టి, 'కాదు' పడ్డప్పుడల్లా ఒకటి తిప్పుతారు. స్క్రీన్ మీద అంకెల కన్నా ఇదే నయం. ల్యాప్‌టాప్ మొరాయించినా ఆట ఆగదు, ఇంకా ఎన్ని మిగిలాయో చివరి వరసకూ కనిపిస్తుంది. అట్టలు చెక్క గాడిలో దిగి ఉంటాయి కాబట్టి టెర్రస్ మీద సముద్రపు గాలికి పడిపోవు. ఎంత ముందుచూపో!

యాంకర్ గట్టివాడు. పడవ ఇంజన్ మెకానిక్‌ని "మీ పని నీళ్ల మీదేనా?" అని అడిగితే, జవాబు "ఒక్కోసారి". అవునా, కాదా? ఎడిటింగ్ లేని ఆటలో అప్పటికప్పుడు తేల్చాలి. మెకానిక్ చెవిలో ఒక్క మాట అడిగి, "ఎక్కువగా ఒడ్డునే, కాబట్టి కాదు" అని అట్ట తిప్పేశాడు. ఊపు తగ్గలేదు.

లోపాలు మైకుల దగ్గర. నలుగురికి రెండే ఇస్తారు, చేతులు మారేసరికి ప్రశ్న చల్లారిపోతుంది. నాలుగు కావాలని ముందే చెప్పండి. స్పీకర్లు మైకుల కన్నా ముందుకు, జనం వైపు తిరిగి ఉండాలి. వెనక పెడితే వాటి శబ్దం మళ్లీ మైకులోకే వెళ్లి కూత పెడుతుంది. ప్రముఖ అతిథి వచ్చినప్పుడు ప్యానెల్‌కి కట్టే కళ్లగంతలు పలచటి శాటిన్, స్టేజి లైటుకి మనిషి ఆకారం తెలిసిపోతుంది. రెండు పొరల నల్లగుడ్డ అడగండి. అతిథిని పక్క బ్లాకు నుంచి తెచ్చుకోండి. సొంత బ్లాకు మనిషైతే, గొంతు ఎంత మార్చినా దొరికిపోతాడు.

బజర్ క్విజ్ మాత్రం వద్దు. ముందు నొక్కినవాళ్ల బజర్ మోగగానే మిగతావి ఆగిపోవాలి. వీళ్లవి ఒకేసారి మోగుతాయి, ఇక గొడవే.

ముగ్గురు ఆటగాళ్లకు 40 నిమిషాలు సరిపోతుంది. జనరేటర్ ఖర్చు ప్యాకేజీలో లేదు, అడ్వాన్సు ఇచ్చేముందే మాట్లాడుకోండి.