స్కూల్ డిస్ట్రిక్ట్ కంప్యూటర్ల పని: సొంత సిబ్బందా, కంపెనీకి కాంట్రాక్టా, ప్రాంతీయ కేంద్రమా?

అమెరికాలో సుమారు 13 వేల స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలు. ఒకప్పుడు వీటిలో కంప్యూటర్ల పని అంటే ఒక ల్యాబు, ఖాళీ పీరియడ్లలో దాన్ని చూసుకునే ఓ టీచరు, అంతే. 2002లో మెయిన్ రాష్ట్రం ఏడో తరగతి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెడితే దేశమంతా వింతగా చూసింది. 2020లో కోవిడ్ ఆ వింతను మామూలు విషయం చేసేసింది. ఇప్పుడు హాజరు, మార్కులు, బస్సు రూట్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, తలుపుల తాళాలు, కెమెరాలు చాలాచోట్ల నెట్‌వర్క్ మీదే నడుస్తున్నాయి. పని ఇంత పెరిగాక దాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నది ఈ డిస్ట్రిక్టుల నిర్ణయాలు తీసుకునే స్కూల్ బోర్డులకు నిజంగానే పెద్ద టెన్షన్.

దారులు మూడు: సొంత ఐటీ విభాగం, ప్రైవేటు కంపెనీ, చుట్టుపక్కల డిస్ట్రిక్టులన్నీ కలిసి వాడుకునే ప్రాంతీయ సేవా కేంద్రం.

సొంత సిబ్బంది బలం కాగితం మీద కనబడదు. ఏ క్లాసు గోడ దగ్గర వైఫై అందదో, ఏ టీచరు "కంప్యూటర్ చచ్చిపోయింది" అంటే ప్లగ్ ఊడిందని అర్థమో వాళ్లకు తెలుసు. రాష్ట్ర పరీక్షలు ఆన్‌లైన్‌లో జరిగే వసంతకాలంలో ఆ మనిషి అదే భవనంలో ఉండటం విలువైన సంగతి. ఇబ్బంది జీతాల దగ్గర వస్తుంది. నెట్‌వర్క్ బాగా తెలిసిన వాళ్లకు బయట కంపెనీలు ఇచ్చినంత డిస్ట్రిక్ట్ ఇవ్వలేదు. చిన్న డిస్ట్రిక్ట్ అయితే ప్రింటర్లు బాగుచేసేదీ, సైబర్ భద్రత చూసేదీ ఒక్కరే. ఆ ఒక్కరూ ఉద్యోగం మానేస్తే పాస్‌వర్డ్‌ల దగ్గర్నుంచి అన్నీ వెతుక్కోవాలి.

కంపెనీకి ఇవ్వడం చౌక అని బోర్డు సమావేశాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ లెక్కను వంకర చేసేది ఈ-రేట్ పథకం. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టంతో వచ్చిన ఈ పథకం కింద బడుల ఇంటర్నెట్ ఖర్చులో 20 నుంచి 90 శాతం దాకా రాయితీ వస్తుంది. పేద పిల్లలు ఎంత ఎక్కువుంటే రాయితీ అంత ఎక్కువ. బడి లోపలి వైఫైని బయటి కంపెనీ నిర్వహిస్తే ఆ బిల్లుకు రాయితీ అడగొచ్చు. అదే పని సొంత ఉద్యోగి చేస్తే అతని జీతానికి పైసా రాదు. అంటే రెండు దారుల్లో ఒకదాని బరువును ప్రభుత్వం ముందే తగ్గించేసిందన్నమాట. పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతే కంపెనీ పనితనం వల్లే ఖర్చు తగ్గిందని పొరబడతారు. పైగా లోపలి నెట్‌వర్క్‌కు ఇచ్చే డబ్బుకు ఐదేళ్లకోసారి ఒక పరిమితి కడతారు, అది అయిపోతే మిగతాదంతా సొంత జేబులోంచే. పిల్లల చేతిలోని ల్యాప్‌టాప్‌లకైతే ఈ డబ్బు వాడటానికే లేదు.

కాంట్రాక్టులో ఇంకో చిక్కు, పని కొలత. ఎన్ని ఫిర్యాదులు మూసేశారో కంపెనీ నెలనెలా చూపిస్తుంది. ఒకే ప్రొజెక్టర్ గురించి నాలుగుసార్లు ఫిర్యాదు వచ్చి నాలుగుసార్లూ "పరిష్కారం" అయితే అది కంపెనీకి నాలుగు మార్కులు, టీచరుకు నాలుగు పాడైన పీరియడ్లు. కాంట్రాక్టులో రాయని పని అడిగితే వేరే బిల్లు. రాసినది సరిగ్గా చేశారా అని నిలదీయడానికి లోపల ఒక్కరైనా తెలిసినవాళ్లుండాలి. ఖర్చు తగ్గించాలని మొదట తీసేసేది సరిగ్గా ఆ మనిషినే!

ఇక ప్రాంతీయ కేంద్రం. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఇళ్లలోకి కంప్యూటర్లు రాకముందే, 1973లో, మిన్నెసోటాలో బడుల కోసం ఉమ్మడి కంప్యూటింగ్ సంస్థ ఏర్పడింది. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌ను ఫోన్ లైన్ల ద్వారా బడులు పంచుకునేవి. న్యూయార్క్‌లో 1948 చట్టంతో పుట్టిన బోసీస్ (డిస్ట్రిక్టులకు ఉమ్మడి సేవలందించే) సంస్థలు ఇప్పుడు 37, టెక్సాస్‌లో ప్రాంతీయ సేవా కేంద్రాలు 20 ఉన్నాయి. ఫైర్‌వాల్ (బయటి దాడుల్ని నెట్‌వర్క్‌లోకి రానివ్వని అడ్డుగోడ), విద్యార్థుల రికార్డుల సాఫ్ట్‌వేర్, బ్యాకప్ లాంటివి ఒక్కో డిస్ట్రిక్ట్ విడిగా కొనుక్కునే బదులు పది కలిసి కొంటే ధరా తగ్గుతుంది, నిపుణుడూ దొరుకుతాడు.

లోపాలు లేకపోలేదు. అందరికీ ఒకే సాఫ్ట్‌వేర్ అంటారు. వేరేది కావాలంటే నెలల తరబడి ఎదురుచూపులు. పగిలిన స్క్రీన్ మార్చడానికి అక్కణ్నుంచి మనిషి వెంటనే రాడు. న్యూయార్క్‌లో బోసీస్ సేవలకు రాష్ట్రం సాయం ఇస్తుంది గానీ మరుసటి సంవత్సరం ఇస్తుంది, ఈ ఏడాది మొత్తం డబ్బు ముందు కట్టాల్సిందే. అన్ని రాష్ట్రాల్లో ఈ కేంద్రాలు ఇంత బలంగానూ లేవు.

అయినా నా మొగ్గు దీనివైపు ఎందుకంటే, భద్రత. 2022 సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలిస్ డిస్ట్రిక్ట్ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగింది. అప్పటికి నాలుగు లక్షలకు పైగా పిల్లలున్న, సొంత ఐటీ విభాగం ఉన్న డిస్ట్రిక్ట్ అది. దాడి జరిగింది సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవుల్లో. 2024 డిసెంబర్‌లో విద్యార్థుల రికార్డుల సాఫ్ట్‌వేర్ అందించే పవర్‌స్కూల్ అనే కంపెనీ నుంచే అనేక డిస్ట్రిక్టుల పిల్లల, టీచర్ల వివరాలు దొంగలపాలయ్యాయి. సొంతంగా పెద్ద విభాగం ఉన్నంత మాత్రాన రక్షణ రాలేదు, డేటాను కంపెనీకి అప్పగించినంత మాత్రానా రాలేదు. సెలవు రోజున, అర్ధరాత్రి నెట్‌వర్క్‌ను కనిపెట్టి చూసే కళ్లు కావాలి. ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లున్న చోట అది అయ్యే పని కాదు. పంచుకుంటేనే కుదురుతుంది.

కాబట్టి రెండు మూడు వేల మంది పిల్లలున్న డిస్ట్రిక్ట్ నన్నడిగితే: నెట్‌వర్క్, బ్యాకప్, భద్రత ప్రాంతీయ కేంద్రానికి ఇవ్వండి. బడుల్లో తిరిగే టెక్నీషియన్లను మాత్రం సొంతంగా ఉంచుకోండి. కంపెనీని మొదలూ చివరా ఉన్న పనులకే పిలవండి: కొత్త భవనానికి కేబుళ్లు వేయడం, వేసవిలో వేల క్రోమ్‌బుక్‌లను (గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లను) వరసపెట్టి బాగుచేయించడం లాంటివి. పెద్ద నగర డిస్ట్రిక్ట్ అయితే సొంత విభాగమే మేలు, రాత్రిపూట నెట్‌వర్క్ కాపలా ఒక్కటి బయటికి ఇచ్చినా సరే. ప్రాంతీయ కేంద్రం బలహీనంగా ఉన్న రాష్ట్రంలో చిన్న డిస్ట్రిక్టులకు కంపెనీ తప్పకపోవచ్చు. అప్పుడూ కాంట్రాక్టు చదివి ప్రశ్నించగలిగే ఒక్క ఉద్యోగం మాత్రం తీసేయకూడదు.

ఈ నిర్ణయం ఇప్పుడే ఎందుకంటే, బడులకు వచ్చిన దాదాపు 19,000 కోట్ల డాలర్ల కోవిడ్ సాయంలో చివరి విడత కేటాయింపుల గడువు 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది. ఆ డబ్బుతో ఒకేసారి కొన్న పరికరాలు ఒకేసారి పాతబడుతున్నాయి. క్రోమ్‌బుక్‌లకు పదేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది గానీ, ఆ పదేళ్లు లెక్కబెట్టేది ఆ మోడల్ ప్లాట్‌ఫామ్ విడుదలైన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. అంతకన్నా ముందే బ్యాటరీలు, కీబోర్డులు పోతాయి. కొత్తవి కొనడానికి స్థానిక బడ్జెట్ చాలక, మనుషుల్ని తగ్గించి మొత్తం కాంట్రాక్టుకు ఇచ్చేద్దామనే మాట ఇక్కడే పుడుతుంది. ఆ మాట బోర్డు ముందుకొస్తే సంతకానికి ముందు ఒక్కటి చూసుకోవాలి: డొమైన్ పేరు (వెబ్‌సైట్ చిరునామా), ప్రధాన అడ్మిన్ ఖాతాలు, బ్యాకప్ తాళాలు ఎవరి పేరు మీద ఉన్నాయి? అవి కంపెనీ పేరు మీదకు వెళితే, మూడేళ్ల తర్వాత ఆ కంపెనీని మార్చడానికి కూడా ఆ కంపెనీనే అడగాల్సి వస్తుంది.